అద్దమంతా వాన జాలిగనా, జాలుగనా?

ఉప్పుగాలి:
మొన్న ఆదివారం విశాఖ సిరిపురంలో మన గాయని పాడిన సభకు ఈ గుంపువాళ్లు చాలామందే వచ్చారు, ముఖాలు గుర్తుపట్టాను. ఎప్పటి డప్పులూ వంతపాటా లేకుండా, ఒక్క పియానో ముందు కూర్చుని ఆఖరున పాడిన పాట గురించి నా గోల. రెండు పాదాలు మూడు రోజులుగా వదలడం లేదు.

అద్దమంతా వాన జాలిగ
జారుతుంటే చూస్తు ఉన్నా

మూడో పాదం నోట్లో నానుతోంది కానీ పైకి రావడం లేదు. ఎవరికైనా గుర్తుందా?

గాజువాక శ్రోత:
మూడో పాదం దాకా మెలకువగా ఉన్నవాళ్లను అడగండి. నా పక్కన కూర్చున్నాయన రెండుసార్లు వాచీ చూసుకున్నాడు. ఆమె పాత పాటలకు కుర్చీలో కుదురుగా కూర్చోగలిగామా? ఇక్కడేమో ఒక మీట నొక్కడం, దాని మోత ఆరిపోయేదాకా ఎదురుచూడడం, మళ్లీ ఇంకో మీట. పైగా ఆ మాట చూడండి, "జాలిగ". వాన కూడా ఆమెను చూసి జాలిపడాలా?

నిఘంటుపిచ్చి:
జాలిగ కాదండీ, జాలుగ. జాలువారడంలో ఉన్న జాలు. ధారగా అని అర్థం. మీరు "లి" అని విని, ఆ తప్పుకు ఆమెను ఏడుపుగొట్టును చేశారు. "లు" అని వినండి, పాటలో ఏడుపు ఎక్కడుందో చూపించండి. వాన కారుతోంది, ఆవిడ చూస్తోంది. అంతే.

వానకోయిల:
అంతేనా? నేను రెండో వరుసలో ఉన్నాను. "లి" అనే విన్నాను, కళ్లు తడిశాయి కూడా. నాకు నచ్చింది ఆ జాలే.

నిఘంటుపిచ్చి:
కళ్లు తడవడం పాఠనిర్ణయానికి పనికిరాదమ్మా.

రిటైరైన తెలుగు మాస్టారు:
ఇద్దరూ ఆగండి. లి, లు సంగతి తరువాత. ముందు ఆ "జా" ఎలా పలికింది? తెలుగు మాటల్లో అకార, ఉకారాదుల ముందు వచ్చే జ దంత్యం, అంటే నాలుక పళ్లకు తగిలి పలికేది. జాలి అన్నా జాలు అన్నా ౙాలి, ౙాలు అనే పలకాలి. ఆమె "జాతి"లో జకారంలా తాలవ్యంగా, నాలుకను అంగిలికి తాకించి పలికింది. జాలి తెలిసిన గొంతు అయితే అలా పలకదు.

వానకోయిల:
మాస్టారూ, ఈ రోజుల్లో ౙ పలికేవాళ్లు ఎందరు? మా అబ్బాయి జామపండును కూడా తాలవ్యంగానే తింటాడు.

లాసన్స్ బే:
ఫోన్లు కట్టేయమన్నారు కానీ నా దగ్గర నలభై సెకన్ల ముక్క ఉంది. తిట్టకండి. ఇరవైసార్లు విన్నాను, తేలలేదు. ఎందుకు తేలలేదో మాత్రం తెలిసింది. "జా" తరువాతి అక్షరం మీదే ఎడమచేతి మంద్రస్వరం పడింది. పెడల్ తొక్కే ఉంచింది. పెడల్ తొక్కినంతసేపూ తీగల మీద ఉండే మెత్తలు పైకి లేచి ఉంటాయి కదా, నొక్కిన స్వరం ఆరదు, కొత్తది దానిలోకి కలుస్తుంది. ఆ కలగలుపులో మన ఇకారమో ఉకారమో మునిగిపోయింది. పై మీట ఒకటి కాస్త శ్రుతి తప్పి పలికింది కూడా. తేమకు పియానోలో చెక్క ఉబ్బి శ్రుతి కదులుతుంది, సముద్రం పక్క ఊళ్లో తప్పదు. నాకు ఆ తప్పే బాగుంది.

గాజువాక శ్రోత:
శ్రుతి తప్పినా బాగుందంటే ఇక అభిమానానికి మందు లేదు.

మూడో అంతస్తు:
మీరెవరూ అనని మాట ఒకటి అంటాను. అది "జాలీగ" ఎందుకు కాకూడదు? మా వంటింటి కిటికీకి దోమల జాలీ ఉంది. అల్పపీడనం పట్టి వాన ఏటవాలుగా కొట్టిన రోజున ఒక్కో గడిలో ఒక్కో నీటిపొర నిలుస్తుంది. వెలుతురుకు పెట్టి చూస్తే కొన్ని గడులు మెరుస్తాయి, కొన్ని ఖాళీ. వేలితో తడితే నాలుగైదు ఒక్కసారిగా చిట్లి, కింద గడులు నిండుతాయి. అద్దం మీద వాన అలా గడులు గడులుగా జారుతోందని ఆమె అని ఉండవచ్చు.

నిఘంటుపిచ్చి:
అద్దం ఉన్నచోట జాలీ ఎందుకండీ?

మూడో అంతస్తు:
మా ఇంట్లో రెండూ ఉన్నాయి. విశాఖ దోమలు మీకు తెలియనివా?

రిటైరైన తెలుగు మాస్టారు:
చిత్రం బాగుంది, ఛందస్సు ఒప్పుకోదు. మాత్రలు లెక్క వేయండి, లఘువుకు ఒకటి, గురువుకు రెండు. అద్ద, మంతా, వాన, జాలిగ. మూడు, నాలుగు, మూడు, నాలుగు. జారు, తుంటే, చూస్తు, ఉన్నా. మళ్లీ అదే. జాలీగ అంటే అయిదు మాత్రలై కాలు తడబడుతుంది. "చూస్తూ"ను "చూస్తు" అని కురచ చేసింది కూడా అందుకే. ఇది అచ్చంగా ముత్యాల సరం నడక. "గుత్తునా ముత్యాల సరములు" అని పైకి చదివి, వెంటనే "అద్దమంతా వాన జాలిగ" అనండి, తేడా తెలియదు. 1910లో గురజాడ వేసిన బాట మీద నూరేళ్లు దాటాక ఒక అమ్మాయి పియానో పెట్టుకుని నడుస్తోంది. మీరేమో వాచీ చూసుకుంటున్నారు!

గాజువాక శ్రోత:
చూసుకున్నది నేను కాదు మాస్టారూ, పక్కాయన.

లాసన్స్ బే:
మాస్టారి మాటకు నా ముక్క సాక్ష్యం. ఎడమచేయి ఏడు మాత్రలే కొడుతోంది, మూడు, నాలుగుగా విరిచి. మన మిశ్రచాపు తాళం. పాశ్చాత్యపు పాట అని పెదవి విరిచినవాళ్లు గమనించాలి.

నిఘంటుపిచ్చి:
నడక గురజాడ సృష్టి అనకండి. పాత ఛందస్సు వృషభగతి రగడలో మూడు, నాలుగు మాత్రల నడక ఎప్పటినుంచో ఉంది. ఆయన చేసింది పాదాలు విడగొట్టి, ప్రాసనియమం వదిలి, నాలుగో పాదాన్ని కురచ చేయడం.

రిటైరైన తెలుగు మాస్టారు:
ఆ కురచ చేయడంలోనే కదా ప్రాణమంతా ఉంది! "క్రొమ్మెఱుంగులు జిమ్మగా" అని ఆగిపోతాడు. పద్నాలుగు మాత్రలకు అలవాటుపడిన చెవి మిగతా రెంటి కోసం ఎదురుచూస్తుంది. ఈ పాటలోనూ నాలుగో పాదం తెగిపోయింది, తరువాత పియానో కూడా ఊరుకుంది. హాలంతా దగ్గులు వినిపించాయి. పక్కాయన వాచీ చూసుకున్నది ఆ ఖాళీలోనే అయి ఉండాలి.

గాజువాక శ్రోత:
అవును, అక్కడే. అయినా ఖాళీని పాట అనను.

వానకోయిల:
అసలు జాలికి ఎందుకింత భయపడతారు? పాత తెలుగులో జాలి అంటే ఇతరుల మీద చూపే దయ ఒక్కటే కాదు, దుఃఖం కూడా. దుఃఖంగా జారుతోంది అనుకోండి, గొడవ లేదు. "నిరుపమ నితాంత దుఃఖంపు నిధులు గలవు" అన్న కృష్ణశాస్త్రిని నెత్తిన పెట్టుకున్న జాతి కదా మనది, ఈ పిల్ల నాలుగు మీటలు నొక్కి దిగులు పడితే తప్పా?

నిఘంటుపిచ్చి:
అందుకేనండీ శ్రీశ్రీ ఆ దిగులును దులిపేసుకున్నది. మన విశాఖవాడు.

వానకోయిల:
దులుపుకోవడానికి ముందు ఒంటినిండా పూసుకున్నాడు. 1928లో వచ్చిన "ప్రభవ" తీసి చూడండి, భావకవుల బాటే. దిగులు తెలియకుండానే మహాప్రస్థానం మొదలైందా?

మూడో అంతస్తు:
ద్వారకానగర్ గ్రంథాలయానికి వెళ్లి నిఘంటువులో జాలీ ఉందేమో చూస్తాను. నేను ఓడిపోలేదు.

రిటైరైన తెలుగు మాస్టారు:
నా ఓటు "జాలుగ"కే. తరువాతి మాట "జారు" చూడండి. జాలు, జారు. రెండు ఉకారాలు వరుసగా దిగుతాయి, చుక్కలాగా.

వానకోయిల:
మరి పునరుక్తి దోషం? జాలుగ జారడం అంటే ధారగా కారడం. మీరే క్లాసులో ఎర్రసిరాతో కొట్టేసేవారు కదా!

రిటైరైన తెలుగు మాస్టారు:
క్లాసులో వేరు.

ఉప్పుగాలి:
నేను అడిగింది మూడో పాదం అండీ.

రిటైరైన తెలుగు మాస్టారు:
అక్కడికే వస్తున్నాను బాబూ. "చూస్తు ఉన్నా" దగ్గర వాక్యం ముగిసిందా, లేదా? "ఉన్నాను"లో ను పోయి "ఉన్నా" అయితే ముగిసినట్టే, మూడో పాదంలో ఏ మాటైనా రావచ్చు. "ఉన్నప్పటికీ" అనే అర్థంలో ఉన్నా అయితే వాక్యం ఇంకా నడుస్తోంది, క్రియ మూడో పాదంలోనే దొరకాలి. ఆ దీర్ఘం మీద గొంతు కిందికి దిగిందా, అలాగే నిలబడిందా?

లాసన్స్ బే:
నా ముక్క సరిగ్గా "ఉ" దగ్గర తెగిపోయింది.

గాజువాక శ్రోత:
దిగింది.

వానకోయిల:
లేదు, నిలబడింది.