ఆదివారం మూడు గంటలు: ఎవరికి, ఎలా ఉపయోగపడగలను?

ప్రశ్న: కృష్ణలంక వాసి

నమస్కారం. నేను విజయవాడలో ఒక ప్రైవేటు సంస్థ లెక్కల విభాగంలో పనిచేస్తున్నాను. వయసు 46 సంవత్సరాలు. ఆదివారం ఉదయం మూడు గంటలు, వారంలో మరొక సాయంత్రం గంటన్నర నా చేతిలో ఉంటాయి. డబ్బు రూపంలో నెలకు పదిహేను వందల రూపాయలకు మించి ఇవ్వలేను. ఈ సమయం, ఈ కొద్దిపాటి సొమ్ము అవసరంలో ఉన్నవారికి నిజంగా అక్కరకు రావాలంటే ఏం చేయాలన్నది నా ప్రశ్న.

ఎందుకు అడుగుతున్నానో కూడా చెప్పాలి. గత ఏడాది మా అబ్బాయి పదమూడో పుట్టినరోజుకు అరటిపండ్లు, బిస్కెట్లు, కేకు పట్టుకుని ఒక అనాథాశ్రమానికి వెళ్లాము. మేము వెళ్లేసరికి మరో రెండు కుటుంబాలు దాదాపు అవే వస్తువులతో వసారాలో కూర్చుని ఉన్నాయి. పిల్లలు ఆ ఉదయం మూడోసారి చప్పట్లు కొట్టి, మూడోసారి పాట పాడి, మూడోసారి కేకు తిన్నారు. ఫొటో తీయబోతుంటే ఒక చిన్న కుర్రవాడు, ఎవరూ చెప్పకుండానే, ఎక్కడ నిలబడాలో అక్కడికి వెళ్లి నిలబడి పళ్లెం పట్టుకున్నాడు. వాడికి అంతగా అలవాటైపోయిందని తెలిసి నాకు సిగ్గువేసింది. మా అమ్మమ్మది కోనసీమ. లంకల గన్నవరంలో వేళాపాళా చూడకుండా బాటసారులకు అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి సంగతులు వింటూ పెరిగినవాణ్ణి. ఆమె ఎదుటివారి ఆకలివేళకు వడ్డించారు. మేము మా ముహూర్తానికి వెళ్లి వడ్డించి వచ్చాము.

ఉద్యోగం మానేసి పూర్తికాలం సేవ చేయమనే సలహాలు మాత్రం వద్దని మనవి. అది నా వల్ల అయ్యే పని కాదు.

జవాబు 1: రిటైర్డ్ లెక్కల మాస్టారు, తెనాలి

లెక్కల విభాగమన్నారు కనుక నేరుగా విషయానికి వస్తాను. మీకు దగ్గరలో ఉన్న ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు వెళ్లి, ఎనిమిదో తరగతి పిల్లల్లో ఎంతమంది ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష రాస్తున్నారో ప్రధానోపాధ్యాయుణ్ణి అడగండి. పూర్తి పేరు నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్, తెలుగులో జాతీయ ఉపకార వేతన పరీక్ష అంటారు. ఇందులో ఎంపికైన విద్యార్థికి తొమ్మిదో తరగతి నుండి ఇంటర్ రెండో సంవత్సరం వరకు ఏడాదికి 12,000 రూపాయల చొప్పున, నాలుగేళ్లలో 48,000 రూపాయలు, నేరుగా బ్యాంకు ఖాతాలో పడతాయి. కుటుంబ వార్షికాదాయం మూడున్నర లక్షలకు మించకూడదు. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ పాఠశాలల పిల్లలు రాయవచ్చు; నవోదయ, గురుకుల విద్యార్థులకు ఇది వర్తించదు. కూలిపనికి వెళ్లే తల్లికి ఆ డబ్బు ఎంత ఆసరాయో, కూతుర్ని బడి మాన్పించాలా వద్దా అని ఆ ఇంట్లో జరిగే చర్చను అది ఎలా మలుపు తిప్పుతుందో ఉద్యోగంలో ఉండగా అనేకసార్లు చూశాను.

పరీక్షలో రెండు భాగాలున్నాయి. మానసిక సామర్థ్యానికి 90 ప్రశ్నలు, పాఠ్యాంశాలకు 90 ప్రశ్నలు. ఒక్కొక్క భాగానికి గంటన్నర. అంటే ప్రశ్నకు నిమిషం. మా పిల్లలు వెనుకబడేది తెలివిలో కాదు, ఈ నిమిషం దగ్గరే. సంఖ్యా శ్రేణులు, దిక్కులు, రక్తసంబంధాలు, అద్దంలో ప్రతిబింబాలు వంటి ప్రశ్నలను వారు అంతకుముందు ఎన్నడూ చూసి ఉండరు. ఓఎంఆర్ పత్రంలో (యంత్రం దిద్దే జవాబు పత్రంలో) వృత్తం నింపడం కూడా చాలామందికి పరీక్ష రోజునే మొదటిసారి. ఒక అమ్మాయి ఒక్కొక్క వృత్తాన్ని ముగ్గుకు రంగు అద్దినట్లు అంచు దాటకుండా దిద్దుకుంటూ కూర్చుని, చివరి ముప్పై ప్రశ్నలు వదిలేసి వచ్చింది. వారానికి మూడు గంటల చొప్పున నాలుగు నెలలు సాధన చేయిస్తే ఈ తడబాటు చాలావరకు పోతుంది.

అయితే చదువు చెప్పడంతో మీ పని అయిపోయిందనుకోవద్దు. నేను చూసినంతలో ఎక్కువ నష్టం కాగితాల దగ్గర జరుగుతుంది. ఆధార్‌లో ఇంటిపేరు ఒక రకంగా, బడి రికార్డులో మరొక రకంగా ఉంటుంది. ఆదాయ ధ్రువపత్రం కోసం గ్రామ, వార్డు సచివాలయానికి వెళ్లడానికి తండ్రికి ఒక రోజు కూలి పోతుంది. ఎంపికైన తరువాత కూడా ఏటా జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో రెన్యువల్ చేయించాలన్న సంగతి తెలియక రెండో ఏడాది డబ్బు ఆగిపోతుంది. పదో తరగతిలో 60 శాతం మార్కులు రాకపోయినా, ఇంటర్‌కు ప్రైవేటు కాలేజీలో చేరినా వేతనం ఆగిపోతుందని (ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు మార్కుల్లో కొంత సడలింపు ఉంది) ఆ కుటుంబాలకు ఎవరో ఒకరు ముందుగా కూర్చోబెట్టి చెప్పాలి. గడువు తేదీలు రాసిపెట్టుకుని, సమయానికి ఫోన్ చేసి గుర్తుచేసే మనిషి ఒకరుంటే చాలు. లెక్కల విభాగంలో పనిచేసేవారికి గడువుల గురించి నేను చెప్పనక్కరలేదు.

జవాబు 2: రక్తనిధి ఉద్యోగిని, హైదరాబాద్

మాస్టారు గారు చెప్పిన పనికి వారం వారం సమయం కావాలి. నేను చెప్పేదానికి మూడు నెలలకొక గంట చాలు.

మా దగ్గర కూడా పుట్టినరోజు కేకుల వంటి ఇబ్బందే ఉంది. నాయకుల జన్మదినాలకు, వర్ధంతులకు ఒకే రోజు పెద్ద శిబిరాలు పెడతారు. వేసవి సెలవుల్లో కాలేజీలు మూతపడగానే అల్మారాలు ఖాళీ అవుతాయి. ఎర్ర రక్తకణాలు, కలిపే ద్రావణాన్ని బట్టి, 35 నుండి 42 రోజుల వరకే నిల్వ ఉంటాయి. ప్లేట్‌లెట్లు అయితే అయిదు రోజులే. అందువల్ల ఒకే రోజున వందమంది రావడం కంటే ఆ వందమంది ఏడాది పొడవునా విడివిడిగా రావడం మాకు ఎంతో మేలు. పురుషులు 90 రోజులకు ఒకసారి, స్త్రీలు 120 రోజులకు ఒకసారి ఇవ్వవచ్చు. వయసు 18 నుండి 65 ఏళ్ల మధ్య, బరువు 45 కిలోలకు తగ్గకుండా, హిమోగ్లోబిన్ కనీసం 12.5 ఉండాలి.

తీవ్రమైన తలసీమియా (ఒంట్లో రక్తం సరిగా తయారుకాని, పుట్టుకతో వచ్చే జబ్బు) ఉన్న పిల్లవాడికి రెండు నుండి నాలుగు వారాలకు ఒకసారి, ఏళ్ల తరబడి, రక్తం ఎక్కించవలసిందే. మూడు వారాలకు ఒక యూనిట్ అనుకుంటే ఏడాదికి పదిహేడు. ఒక్క దాత ఏడాదికి ఇవ్వగలిగేది మహా అయితే నాలుగుసార్లు. అంటే ఒక్క బిడ్డ వెనుక కనీసం అయిదుగురు నిలబడాలి. బిడ్డ పెరిగి రెండేసి యూనిట్లు అవసరమైతే తొమ్మిది, పదిమంది. మీ ఆఫీసులో అయిదుగురు కలిసి వంతులు వేసుకుని, ఎవరి నెల ఏదో గోడమీద క్యాలెండరులో రాసుకోండి. మీ రక్తం సరిగ్గా ఆ బిడ్డకే వెళ్తుందని హామీ ఇవ్వలేము, గ్రూపును బట్టి, పరీక్షలను బట్టి అది మారుతుంది. కానీ నిల్వ తగ్గకుండా ఉంటేనే ఆ తల్లి ప్రతిసారీ దాతల కోసం బంధువులందరికీ ఫోన్లు చేసుకునే అవసరం తప్పుతుంది.

మరొక చిన్న మాట. "అత్యవసరంగా రక్తం కావాలి" అనే వాట్సాప్ సందేశాలను పంపించే ముందు అందులోని నంబరుకు ఒకసారి ఫోన్ చేయండి. ఎప్పుడో కోలుకుని ఇంటికి వెళ్లిపోయిన రోగుల పేర్ల మీద ఇంకా సందేశాలు తిరుగుతున్నాయి, కొందరు చనిపోయిన తరువాత కూడా ఆ ఇంటికి ఫోన్లు వెళ్తున్నాయి. తేదీ, సమయం లేని సందేశాన్ని మీ దగ్గరే ఆపడం కూడా సాయమే.

జవాబు 3: తెల్లకర్ర

నేను పుట్టుకతో చూపు లేనివాణ్ణి. ప్రస్తుతం ఒక బ్యాంకులో ఉద్యోగం చేస్తున్నాను. సాయం అందుకున్న వైపు నుండి రెండు మాటలు రాస్తాను.

డిగ్రీ చదివిన మూడేళ్లలో పాఠాలు చదవడం కంటే పరీక్షకు లేఖకుణ్ణి వెతుక్కోవడమే నాకు పెద్ద పనిగా ఉండేది. సొంతంగా తెచ్చుకునే లేఖకుడి చదువు అభ్యర్థి చదువు కంటే ఒక మెట్టు తక్కువ ఉండాలనేది బడి, కాలేజీ పరీక్షల్లో సాధారణంగా పాటించే నియమం. కనుక మీరు ఎంత ఇష్టపడినా పదో తరగతి విద్యార్థికి మీరు రాయలేరు. తొమ్మిదో తరగతి చదివే మీ అబ్బాయి రాయగలడు. పరీక్షను బట్టి నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ప్రతిసారీ నోటిఫికేషన్ చూసుకోవాలి. ఒప్పుకున్నాక మాత్రం తప్పకూడదు. రెండో సంవత్సరంలో నాకు రాస్తానన్న కుర్రవాడు, తెల్లవారితే పరీక్ష అనగా రాత్రి పది గంటలకు, ఊరు వెళ్తున్నానని ఫోన్ చేశాడు. రాలేనని రెండు రోజుల ముందు చెప్పి ఉంటే నాకు కోపమే వచ్చేది కాదు. గంటకు 20 నిమిషాల చొప్పున మాకు అదనపు సమయం ఉంటుంది కనుక మూడు గంటల పరీక్ష నాలుగు గంటలవుతుంది. అంతసేపు ఓపికగా, చెప్పింది చెప్పినట్లు రాయాలి. తెలిసిన జవాబు తప్పుగా వినిపించినా దిద్దకూడదు.

మీరు స్వయంగా చేయదలిస్తే టైపు చేయండి. ఫోన్లు, కంప్యూటర్లు తెలుగును ఇప్పుడు బాగానే చదివి వినిపిస్తున్నాయి, కానీ యూనికోడ్‌లో (ఏ యంత్రమైనా గుర్తించే ప్రామాణిక అక్షర సంకేతాల్లో) ఉంటేనే. పోటీ పరీక్షల తెలుగు సామగ్రిలో అధికభాగం 'అను' అనే పేరున్న పాత తరహా ఫాంట్లలోనో, స్కాన్ చేసిన బొమ్మలుగానో ఉంటుంది. మొదటిది మాకు అర్థం లేని అక్షరాల గోలగా వినిపిస్తుంది, రెండోది అసలు వినిపించదు. స్కాన్ చేసిన పుటను అక్షరాలుగా మార్చే ఉపకరణాలు ఉన్నా ఒత్తులు, అంకెలు, పట్టికలు తారుమారవుతాయి. వాటిని మూలంతో పోల్చి సరిదిద్దడానికి చూపున్న మనిషి కావాలి. వారానికి పది పుటలు సరిదిద్దినా ఏడాదికి ఒక పెద్ద పుస్తకం మాకు అందుతుంది.

రోడ్డు దాటించేటప్పుడు చెయ్యి పట్టి లాగకండి. "దాటించమంటారా?" అని అడిగి మీ మోచేతిని ఇవ్వండి, మేమే పట్టుకుని వెనుక నడుస్తాము. ఒకసారి నేను బస్సు కోసం నిలబడి ఉంటే ఒక పెద్దమనిషి నన్ను అవతలి వైపుకు దాటించి, ఆశీర్వదించి వెళ్లిపోయారు. ఆ బస్సు తప్పిపోయింది.

జవాబు 4: అనకాపల్లి కోడలు

మా అత్తగారిని ఒక పెద్ద ప్రభుత్వ ఆసుపత్రిలో చేర్పించి నలభై రోజులు పక్కన ఉన్నాను. వరండాలో అన్నం పొట్లాలు పంచేవారు చాలామంది వచ్చేవారు. రోగి దగ్గర నేను అరగంట కూర్చుంటాను, మీరు స్నానం చేసి రండి అన్నవారు మాత్రం ఒక్కరే, పక్క మంచం రోగి చెల్లెలు. ఒంటరిగా వచ్చినవారికి స్కానింగ్ ఎక్కడో, ప్రభుత్వ ఆరోగ్య పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర ఏ గదిలో ఉంటారో, ఏ కాగితానికి జిరాక్సు కావాలో చూపించే మనిషి లేక పూట గడిచిపోతుంది. సూపరింటెండెంటు అనుమతి తీసుకుని వారానికి ఒక పూట ఆ పని చేయవచ్చు. మందుల విషయంలో మాత్రం నోరు విప్పకూడదు. సలహాలు చెప్పేవారికి అక్కడ కొదవలేదు.

కృష్ణలంక వాసి

అందరికీ కృతజ్ఞతలు. తెల్లకర్ర గారూ, మా అబ్బాయి నిజంగానే ఇప్పుడు తొమ్మిదో తరగతి. మీ జవాబు వాడిచేత చదివించాను. మార్చిలో ఒక పదో తరగతి విద్యార్థికి రాస్తానన్నాడు. ఊరు వెళ్లే ప్రయాణాలేవీ పెట్టుకోవద్దని వాళ్ల అమ్మకు ముందే చెప్పాడు. ఆఫీసులో నాతో కలిపి నలుగురం రక్తదానానికి వంతులు వేసుకున్నాము, అయిదో మనిషి కోసం చూస్తున్నాము. నాకు ఏప్రిల్ వచ్చింది. వారంలో ఆ ఒక్క సాయంత్రం టైపు సరిదిద్దడానికి పెట్టుకుంటాను. ఆసుపత్రి పని ఇప్పట్లో నా వల్ల కాదు, ఒప్పుకుంటున్నాను.

మాస్టారూ, నిన్న మా దగ్గరి ఉన్నత పాఠశాలకు వెళ్లాను. ప్రధానోపాధ్యాయురాలు మర్యాదగానే మాట్లాడారు, కానీ ఆదివారం బడి తెరవడానికి సందేహించారు. పైగా ఎనిమిదో తరగతిలో ఎక్కువమంది ఆడపిల్లలు. ఏం చేయమంటారు?

రిటైర్డ్ లెక్కల మాస్టారు, తెనాలి

ఆమె సందేహించడం సబబే, నేనైనా అలాగే చేసేవాణ్ణి. ముక్కూమొహం తెలియని మగమనిషికి ఆదివారం పూట పిల్లల్ని అప్పగించే ప్రధానోపాధ్యాయురాలి మీద నాకు నమ్మకం ఉండదు. ఒక దరఖాస్తు రాసి, మీ గుర్తింపు పత్రం జతచేసి ఇవ్వండి. తల్లిదండ్రుల సంతకాలతో అనుమతి పత్రాలు తీసుకోమనండి. తలుపులు తెరిచిన గదిలో, ఒక ఉపాధ్యాయురాలో, ఒక తల్లో కూర్చుని ఉండగానే చెబుతానని మీరే ముందుగా షరతు పెట్టండి. మీ పదిహేను వందల్లో కొంత ఓఎంఆర్ నమూనా పత్రాల జిరాక్సులకు, మిగిలినది పిల్లలకు పల్లీలు, బెల్లం ఉండలకు సరిపోతుంది. ఖాళీ కడుపుతో మూడు గంటలు శ్రేణులు చేయలేరు. పాత ప్రశ్నపత్రాలు ప్రభుత్వ పరీక్షల విభాగం వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. మొదటి ఆదివారం పాఠం మొదలుపెట్టకుండా, ప్రతి పిల్ల ఆధార్‌ను, బడి రికార్డులోని పేరును పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉన్నవారి జాబితాను ఆ రోజే ఆమెకు ఇచ్చి రండి.