ఓఎస్ ‘ససేమిరా’ అంటోందా, సర్వర్ ‘మొరాయిస్తోందా’?

ప్రశ్న: పాత సర్వర్ల మీద ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) ఇన్‌స్టాల్ కాకపోతే ఏమేం చూసుకోవాలో తెలుగులో ఒక గైడు రాస్తున్నానండీ. ప్రతి పేరాలోనూ ‘ఇన్‌స్టాలేషన్ విఫలమైంది’ అనే వస్తోంది, రాసే నాకే విసుగొచ్చింది. ఒకచోట ‘ఓఎస్ ఎక్కనని ససేమిరా అంటోంది’ అని రాస్తే మా ఫ్రెండ్ నవ్వాడు, యంత్రాలకి ‘మొరాయించింది’ అనే అనాలట. రెండిట్లో ఏది సరైనది? అసలు ఈ ససేమిరా ఎక్కణ్ణుంచి వచ్చింది?

జవాబు: రెండూ సరైనవే, కానీ ఒకదాని చోట ఇంకోటి పెట్టే మాటలు కావు. మొరాయించడంలో నోరు మెదపడం ఉండదు. బండికి కట్టిన ఎద్దు దారి మధ్యలో నిలబడిపోతే మొరాయించింది అంటాం, ఎందుకు నిలబడిందో అది చెప్పదు, మనమే కాడి చూసుకోవాలి, చక్రం చూసుకోవాలి. ససేమిరా అలా కాదు, అది నోటితో అనే మాట. ‘ససేమిరా అన్నాడు’ అంటాం గానీ ‘ససేమిరించాడు’ అనం కదా. అంటే ఎవరో ఒకరు నోరు తెరిచి కాదనాలి.

పుట్టుక సంగతి. విక్రమార్కుడి కథల్లో వస్తుంది. వేటకెళ్లిన రాజకుమారుడు పులికి భయపడి చెట్టెక్కితే అక్కడున్న ఎలుగుబంటి అతనికి చోటిచ్చి, అతను నిద్రపోతుంటే కాపలా కాస్తుంది. తర్వాత అది నిద్రపోయినప్పుడు ఇతగాడు దాన్ని కిందికి తోసేయబోతాడు. ఆ మిత్రద్రోహానికి శాపం తగిలి మతిపోయి, ఏమడిగినా ‘ససేమిరా’ తప్ప ఇంకో మాట రాదు. చివరికి తెర వెనక నుంచి ఒక పండితుడు నాలుగు శ్లోకాలు చదువుతాడు, ఒకటి ‘స’తో, ఒకటి ‘సే’తో, ఒకటి ‘మి’తో, ఒకటి ‘రా’తో మొదలవుతాయి. ఒక్కో శ్లోకానికి ఒక్కో అక్షరం రాలిపోయి, ససేమిరా కాస్తా సేమిరా అయి, మిరా అయి, రా అయి, అదీ పోయి కుర్రాడు మామూలు మనిషవుతాడు. కాబట్టి మొదట్లో ఆ మాటకి ‘ఒప్పుకోను’ అనే అర్థమే లేదు. ఏమడిగినా అదే జవాబు వస్తోంది గనక, రానురాను మొండిగా కాదనడానికి ఆ పేరు పడింది.

మీ గైడుకి ఇది బాగా పనికొస్తుంది అంటాను. తెర మీద అర్థంపర్థం లేని అక్షరాలు కనబడితే అవి పిచ్చివాగుడు కాదు, దేనికో మొదలు. పైగా ఒకటి తొలగిస్తే సర్వర్ బాగైపోదు, తర్వాతది బయటపడుతుంది. పాత సర్వర్‌తో కుస్తీ పట్టినవాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

ఉదాహరణకి రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 9 తీసుకోండి, సర్వర్లలో వాడే ఓఎస్ అది, 2022లో వచ్చింది. దానికి ఎక్స్86-64-వి2 స్థాయి ప్రాసెసర్ కావాలి, అంటే ఎస్ఎస్ఈ4.2, పాప్‌కౌంట్ లాంటి ఇన్‌స్ట్రక్షన్లు ఉండాలి. ఇంటెల్‌లో 2008 నాటి నెహాలెమ్ నుంచి ఉన్నాయి, అంతకు ముందువాటిలో ఈ జత లేదు. ఏఎమ్‌డీ ఆప్టెరాన్లలో బుల్డోజర్‌కి ముందు తరాలవి కూడా ఈ గీత దాటవు. అలాంటి మిషన్లో డిస్క్ పెట్టి బూట్ చేస్తే చివరి లైను ‘కెర్నల్ ప్యానిక్ - నాట్ సింకింగ్: అటెంప్టెడ్ టు కిల్ ఇనిట్!’ అని (అంటే ఓఎస్ మూలభాగం ఇక నడవలేక ఆగిపోయిందని) కనబడుతుంది, జనం ఆ లైను పట్టుకుని ర్యామ్ మార్చేవాళ్లు మారుస్తుంటారు, యూఎస్‌బీ మళ్లీ రాసేవాళ్లు రాస్తుంటారు. అసలు మాట దానికి కాస్త పైన ఉంటుంది: ‘ఫేటల్ జీలిబ్‌సీ ఎర్రర్: సీపీయూ డస్ నాట్ సపోర్ట్ ఎక్స్86-64-వి2’. అంటే, లైనక్స్ ప్రోగ్రాములు ఆధారపడే జీలిబ్‌సీ అనే లైబ్రరీ ఈ ప్రాసెసర్‌కి వి2 స్థాయి లేదంటోంది. ఇంతకంటే స్పష్టంగా ససేమిరా అనడం ఎవరివల్లా కాదు. ఇక్కడ గమనించండి, కాదన్నది సర్వర్ కాదు, ఓఎస్! పాపం సర్వర్ బుద్ధిగా బూట్ అయింది. ‘సర్వర్ మొరాయించింది’ అని రాస్తే నింద తప్పు మనిషి మీద పడుతుంది, చదివినవాడు విప్పాల్సింది కాని పెట్టె విప్పుతాడు. 2025లో వచ్చిన 10వ వెర్షన్ ఇంకో మెట్టు పైకెక్కి వి3 అడుగుతోంది, ఏవీఎక్స్2 లేనిదే కుదరదు. రెడ్ హ్యాట్‌కి అనుకూలంగా ఉచితంగా దొరికే ఆల్మాలైనక్స్ వాళ్లు మాత్రం తమ 10కి వి2 మిషన్ల కోసం వేరే బిల్డు కూడా ఇస్తున్నారు.

మధ్యలో ఒకరు: ‘ససేమిరా ఒప్పుకోలేదు’ అని కూడా వాడతాం కదండీ, ‘అను’ లేకుండానే. మీ సూత్రం అక్కడ తేలిపోయినట్టే.

జవాబు: ‘అను’ లేకపోయినా అక్కడ అడిగినవాడొకడు, కాదన్నవాడొకడు ఉన్నారు కదా. ‘ససేమిరా వాన పడలేదు’ అని ఎవరైనా అంటారా?

అదే వ్యక్తి: సరే, ఒప్పుకున్నా. మరి ఇన్‌స్టాలర్ బాగానే లేచి, తీరా డిస్క్ ఎంచుకునే చోట ఖాళీగా కనబడితే? అది కాదన్నదీ లేదు, ఆగిందీ లేదు.

జవాబు: అసలు చిక్కంతా అక్కడే ఉంది, దానికి ఈ రెండు మాటలూ పనికిరావు. వాడుకలో ఉన్న ‘డిస్క్ కనబడట్లేదు’ అన్నదే వందపాళ్లు సరైన మాట, ‘డిస్క్ విఫలమైంది’ అని రాశారంటే మంచి డిస్కుని పీకి పారేయిస్తారు. ఎందుకు కనబడదంటే, సర్వర్‌లో డిస్కులు నేరుగా బోర్డుకి కాకుండా డిస్కుల్ని నడిపే రెయిడ్ కార్డుకో ఎస్ఏఎస్ కార్డుకో తగిలించి ఉంటాయి, ఆ కార్డు డ్రైవర్ ఓఎస్‌లో లేకపోతే వెనకున్నదేదీ తెలియదు. రెడ్ హ్యాట్ 8లో (2019) తమాషా ఏమిటంటే డ్రైవర్ ఫైలు ఉంటుంది, అది గుర్తించే కార్డుల జాబితాలోంచి కార్డే పోయింది. ఎల్ఎస్ఐ ఎస్ఏఎస్2008 చిప్ ఉన్న కార్డు అలాంటిదే, దాని నంబరు 1000:0072. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2 కలిపి నొక్కి షెల్‌లోకి (ఆదేశాలు కొట్టే తెరలోకి) వెళ్లి ‘ఎల్ఎస్‌పీసీఐ’ని ‘ఎన్ఎన్‌కే’ ఆప్షన్‌తో కొట్టండి. కార్డు పేరు, చదరపు బ్రాకెట్లలో ఆ నంబరు శుభ్రంగా కనబడతాయి, కానీ దాని కింద ఉండాల్సిన ‘కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్’ అనే లైను ఉండదు. ఎంపీటీ3ఎస్ఏఎస్ అనే మాడ్యూల్ మెమరీలో కూర్చుని ఉన్నా సరే, ఈ కార్డు నాది కాదు అన్నట్టు ఊరుకుంటుంది. రెడ్ హ్యాట్ కోసం విడిగా డ్రైవర్లు ఇచ్చే ఈఎల్‌రెపో వాళ్లు ఇలాంటి కార్డులకి డ్రైవర్ డిస్క్ ఇమేజీలు ఇస్తారు, బూట్ లైన్లో ‘ఐఎన్ఎస్‌టీ.డీడీ’ అని చేర్చి చూపించాలి. లేదంటే ఆల్మాలైనక్స్ 8.10, 9.4ల నుంచి చాలా పాత కార్డుల్ని వెనక్కి తెచ్చుకున్నారు, అది వేసుకోవచ్చు.

(విండోస్‌లో ఇదే గొడవకి ఒకప్పుడు ఎఫ్6 నొక్కి ఫ్లాపీ పెట్టాల్సి వచ్చేది. సర్వర్ 2003 ఎక్కించినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. డ్రైవర్ కోసం ఫ్లాపీ, ఫ్లాపీ కోసం వెతుకులాట.)

ప్రశ్న అడిగినవారు: అయితే ‘మొరాయించు’కి నా గైడులో చోటే లేదంటారా? మా ఫ్రెండ్ బాధపడతాడు.

జవాబు: ఎందుకుండదు? మెనూలో ‘ఇన్‌స్టాల్’ మీద ఎంటర్ కొట్టగానే తెర నల్లబడి కదలదు చూశారా, అది అచ్చంగా మొరాయించడమే, ఎర్రర్ లేదు, కారణం లేదు. పాత సర్వర్లలో మాట్రాక్స్ జీ200 తరహా గ్రాఫిక్స్ ఉంటుంది, ముందు అనుమానం దాని మీదే పెట్టుకుని బూట్ లైన్లో ‘నోమోడ్‌సెట్’ (తెర మోడ్ మార్చొద్దని గ్రాఫిక్స్ డ్రైవర్‌కి చెప్పే ఆప్షన్) చేర్చి చూడాలి. ఒక్కోసారి వెనకాల ఇన్‌స్టాలర్ నిక్షేపంగా నడుస్తూనే ఉంటుంది, తెర ఒక్కటే పోయింది, సీరియల్ కన్సోల్ (కేబుల్ మీదుగా వేరే మిషన్లో అక్షరాలు చూపించేది) తగిలిస్తే బండారం తెలిసిపోతుంది. మౌనంగా ఉన్నదాన్ని మాట్లాడించడమే అక్కడ పని, అది మాట్లాడాక ఇక మొరాయించడం కాదు, ససేమిరా కింద లెక్క.

ఇంకో మాట కూడా రాసుకోండి, ‘ఎక్కింది గానీ లేవట్లేదు’. ఇన్‌స్టాల్ చివరిదాకా పోయి రీబూట్ తర్వాత బూట్ చేయడానికి ఏదీ లేదంటుంది. చాలాసార్లు యూఎస్‌బీని యూఈఎఫ్ఐ అనే కొత్త బూట్ పద్ధతిలో లేపి ఉంటారు, సర్వర్ సెట్టింగు పాత బయాస్ పద్ధతిలో ఉంటుంది. యూఈఎఫ్ఐ అసలే లేని మిషన్లయితే 2 టెరాబైట్లు దాటిన వాల్యూమ్ దగ్గర ఎమ్‌బీఆర్ (డిస్కుని భాగాలు చేసే పాత పద్ధతి) చేతులెత్తేస్తుంది. లైనక్స్‌లో జీపీటీ (భాగాలు చేసే కొత్త పద్ధతి) వేసి, లైనక్స్‌ని లేపే గ్రబ్ అనే ప్రోగ్రామ్ కోసం 1 మెగాబైట్ బయాస్ బూట్ పార్టిషన్ ఇస్తే గట్టెక్కుతారు, విండోస్‌కి ఆ దారీ లేదు, బూట్ కోసం చిన్న వాల్యూమ్ విడిగా చేసుకోవాల్సిందే.

ఇంకొకరు: ఇవన్నీ బానే ఉన్నాయి గానీ ఎర్రర్ లైన్లని మాత్రం తెలుగు చేయకండి బాబూ. వెతికేవాడు దాన్ని అక్షరం పొల్లుపోకుండా కొట్టి వెతుకుతాడు.

జవాబు: నూటికి నూరు పాళ్లు. యంత్రం అన్నమాట ఉన్నదున్నట్టు ఉంచి, దాని గురించి మనం చెప్పేది తెలుగులో చెప్పాలి. ‘విఫలమైంది’ని పూర్తిగా తీసేయమనను, చెక్‌సమ్ (ఫైలు చెడిపోలేదని తెలుసుకునే సంఖ్య) సరిచూసినప్పుడు తేడా వస్తే ‘సరిచూడటం విఫలమైంది’ కంటే ‘సరిపోలేదు’ నయం అంటాను, అంతే.

ప్రశ్న అడిగినవారు: చివరిగా ఒకటి. ఇప్పుడు నా ముందున్న మిషన్లో నెట్‌వర్క్ ఇన్‌స్టాల్ మొదలుపెడితే ‘సర్టిఫికెట్ ఇంకా చెల్లుబాటులోకి రాలేదు’ అని ఆపేస్తోంది. ఇది ఏ కోవకి వస్తుంది?

జవాబు: ససేమిరా కోవకే, నోరు తెరిచి కారణం కూడా చెప్పింది కదా. బయాస్‌లో తేదీ చూడండి, ఏ పదిహేనేళ్ల వెనక్కో పోయి ఉంటుంది. తేదీ సరిచేస్తే ఇన్‌స్టాల్ సాగుతుంది, కానీ బోర్డు మీద సీఆర్2032 బ్యాటరీ మార్చకపోతే కరెంటు తీసినప్పుడల్లా ఇదే పాట పాడుతుంది.