తన్ను తాను ఉపేక్షించుకుంటే తనెవరో ఎలా తెలుస్తుంది?

వేకువతార:
అందరికీ వందనాలు. మొన్న ఆదివారం మా మందిరంలో లూకా సువార్త 9:23 మీద వాక్యం చెప్పారు. "తన్ను తాను ఉపేక్షించుకొని, ప్రతిదినము తన సిలువను ఎత్తికొని నన్ను వెంబడింపవలెను" అని యేసు ప్రభువు అన్న మాట. నాకు 38 ఏళ్లు. నర్సు ఉద్యోగం. ఇంట్లో అత్తగారు మంచం పట్టారు. ఆదివారం వస్తే సండే స్కూలు పిల్లలు. "అమ్మా, నీకేం ఇష్టం?" అని మా పాప అడిగితే ఒక్క జవాబూ తట్టలేదు. పరుల్ని ప్రేమిస్తే అసలైన నేనెవరో తెలుస్తుందని చిన్నప్పటి నుంచి విన్నాను. తెలియలేదు సరికదా, ఉన్నదీ అరిగిపోయింది. ఈ వాక్యం మనిషికి తనను చూపిస్తుందా, తనను చెరిపేస్తుందా?

కొండదారి:
చూపిస్తుంది సిస్టర్. రెండు వచనాలు కిందికి చదవండి. లోకమంతా సంపాదించి "తన్ను తాను పోగొట్టుకొనిన" వానికి ఏం ప్రయోజనమని ప్రభువే అడుగుతున్నాడు. ఆయన లెక్కలో మనిషి తాను లోకం కంటే విలువైనవాడు. ఐడా స్కడర్‌నే చూడండి. మిషనరీ డాక్టరు కూతురైనా అమెరికాలోనే స్థిరపడాలనుకుంది. తల్లికి జబ్బు చేస్తే తమిళనాడులోని తిండివనం వచ్చింది. అక్కడ ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్లు, ఒకరి తర్వాత ఒకరు, కాన్పు కష్టమైన తమ భార్యల కోసం ఆమెను పిలిచారు. తనకు వైద్యం రాదు, నాన్న వస్తారు అంటే, పరాయి మగవాడు వద్దని వెళ్లిపోయారు. ఆ ముగ్గురు ఆడవాళ్లూ చనిపోయారు. ఆ రాత్రే ఆమె జీవితం మలుపు తిరిగింది. వెళ్లి డాక్టరు చదివి 1900లో తిరిగొచ్చి, వెల్లూరులో ఒక్క మంచంతో ఆసుపత్రి మొదలుపెట్టింది. తానెవరో ఆమెకు తెలిసింది ఎవరి వల్ల? తలుపు తట్టిన ఆ ముగ్గురి వల్లే.

నీలిసిరా:
నేను దేవుణ్ణి నమ్మను. అయినా ఈ అక్క ప్రశ్న వదిలి పోలేకపోతున్నాను. అన్నా, స్కడర్‌కు అమెరికాలో తనదంటూ ఒక బతుకు ఉంది. దాన్ని ఆమె తన చేతులతో వదులుకుంది. ఈ అక్కను ఎవరైనా అడిగారా? "ఉపేక్షించుకో" అన్న మాట మన ఇళ్లలో కోడలికి చెప్తారు. మంచంలో ఉన్న తల్లికి పక్క మార్చమని కొడుక్కి ఆ వాక్యం చూపించడం నేనెప్పుడూ వినలేదు. మనుషుల్ని ప్రేమించడానికి మనుషులు చాలు, పైన సిలువ బరువెందుకు అన్నది నా వాదన.

కొండదారి:
కొడుకు సంగతి ఒప్పుకుంటాను. మా సంఘంలోనూ అంతే, అది మా తప్పు. కానీ తమ్ముడూ, అలసిపోయిన ప్రతిసారీ సిలువ దించుకోవచ్చంటే వెంబడించడమనే మాటే మిగలదు.

డోర్నకల్ పిల్ల:
మా ఊరి బిషప్ అజరయ్య గారిని తలుచుకోవాలనిపించింది. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు, తెలుగు నేర్చుకుని మా మధ్య బతికారు. 1910లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో తెల్ల మిషనరీల ముందు నిలబడి, మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితుల్నివ్వండి అని అడిగారు. అంత సేవ జరిగాక కూడా ఏదో లోటుందని చెప్పగలిగారు. అక్కా, మీరు ఇంతమందికి చేస్తున్నారు. మీ దగ్గర కూర్చునే స్నేహితురాలు ఒక్కరైనా ఉన్నారా?

పాతబడి పంతులు:
అమ్మా, బైబిలు కాలేజీలో చాలాకాలం గ్రీకు చెప్పినవాణ్ణి. మన తెలుగులో "ఉపేక్ష" అనగానే పట్టించుకోకపోవడం, కడుపు ఎండగట్టుకోవడం అని మనసుకు తోస్తుంది. మూలంలో ఉన్న క్రియ అది కాదు. యేసును పట్టుకున్న రాత్రి ఆయన శిష్యుడు పేతురు చలిమంట దగ్గర "నేనాయనను ఎరుగను" అన్నాడే, లూకా అక్కడ వాడిన క్రియే ఇక్కడా ఉంది. "అన్నీ నాకే, అందరికంటే ముందు నేనే" అని లోపల కూర్చున్న యజమానితో "నిన్నెరగను పో" అనడం అది. నీ నిద్రను, నీ ఆకలిని ఎరగనని అనమని ప్రభువు చెప్పలేదు.

ఇంకోటి. యేసు చెప్పిన తప్పిపోయిన కుమారుడి కథలో, తండ్రి ఇల్లు వదిలి ఆస్తంతా పాడుచేసుకున్న కొడుకు గురించి మనం "బుద్ధి వచ్చినప్పుడు" అని చదువుతాం. గ్రీకులో "తనలోకి తాను వచ్చి" అని ఉంది. అలా వచ్చాక వాడు అన్న మొదటి మాట ఏమిటి? తండ్రి ఇంట్లో కూలివాళ్లకు కూడా అన్నం ఉంది, నేను ఇక్కడ ఆకలికి చచ్చిపోతున్నాను అని. తన ఆకలి పేరు తాను చెప్పుకున్నాకే వాడు లేచి తండ్రి దగ్గరికి నడిచాడు. నీలిసిరా బాబూ, మనుషులు చాలన్నావు. ఆకలితో వచ్చినవాణ్ణి లెక్క అడక్కుండా కౌగిలించుకునే తండ్రి ఉన్నాడన్న ధైర్యం లేకపోతే, నేనైతే నా ఆకలిని బయటికి చెప్పగలిగేవాణ్ణి కాదు.

నీలిసిరా:
ఆ ధైర్యం నాకు మా అమ్మ దగ్గర దొరికింది పంతులుగారూ. ఈ విషయంలో మన దారులు వేరు. ఆకలి సంగతి మాత్రం మీరన్నదే నిజం.

వేకువతార:
పంతులుగారి మాట చదివి వంటింట్లో చాలాసేపు ఏడ్చాను. కొండదారి బ్రదర్, నేను సిలువ దించడం లేదు. అత్తగారంటే నాకు నిజంగానే ప్రేమ. కానీ రాత్రి రెండింటికి ఆమెకు పక్క మార్చే వంతు వారంలో మూడు రోజులు మా ఆయనది కావాలి. ఇన్నేళ్లలో ఆ మాట అడగలేదు. ఈ రాత్రి అడుగుతాను. పాపకు జవాబు కూడా దొరికింది. పెళ్లికి ముందు కీర్తనలకు హార్మోనియం వాయించేదాన్ని. అది అటక మీదుంది.