పిల్ల మందు తాగనని మొండికేస్తే: పట్టుకుని పోసేయాలా, తినేదాంట్లో కలిపేయాలా?

రెండున్నరేళ్ల పాప అమ్మ:
పాపకు చెవిలో ఇన్ఫెక్షన్. డాక్టరు యాంటీబయాటిక్ సిరప్ రాశారు, పూటకు 5 ఎం.ఎల్., రోజుకు మూడు పూటలు. సీసా కనిపిస్తే చాలు, పెదవులు బిగించేస్తుంది. ఎలాగోలా నోట్లో పోసినా మింగదు. బుగ్గన పెట్టుకుని కూర్చుని, నేను తల తిప్పగానే గడ్డం మీదుగా గౌను మీదికి వదిలేస్తుంది. ఇంట్లో రెండు పార్టీలు తయారయ్యాయి. "ఒకరు కాళ్లూ చేతులూ పట్టుకోండి, ఒకరు ముక్కు మూసి పోసేయండి, అరనిమిషం పని" అనేది మా అత్తగారి పార్టీ. పాలల్లో కలిపేసి ఊరుకుందాం అనేది మా ఆయన పార్టీ. నాకేమో మొదటిది దౌర్జన్యంలా, రెండోది మోసంలా అనిపిస్తోంది. కానీ మందు లోపలికి పోవాలి కదా! మీరైతే ఏం చేస్తారు?

ముగ్గురు పిల్లల నాన్న:
దౌర్జన్యం, మోసం అని అంత పెద్ద మాటలెందుకండీ. టీకా వేయించేటప్పుడు పిల్ల ఒప్పుకుందా అని అడిగామా? కారులో బెల్టు పెడితే ఏడుస్తుందని తీసేస్తామా? మందూ అంతే. అడిగితే "వద్దు" అంటారు, అందుకని అడగకూడదు. పట్టుకోవాలి, పోయాలి, వదిలేయాలి. గంటసేపు బతిమాలారనుకోండి, ఏడిస్తే బేరం కుదురుతుందని వాళ్లకు అర్థమైపోతుంది. రెండో పూట ఇంకా గట్టిగా ఏడుస్తారు. మీ అత్తగారికే నా ఓటు.

పిల్లల వార్డు నర్సు:
నాన్నగారూ, ఓటు వేసే ముందు ముక్కు సంగతి తేల్చేద్దాం. ముక్కు మూస్తే పిల్ల నోరు తెరిచేది మింగడానికి కాదు, ఊపిరి కోసం. ఆ ఊపిరితోపాటే మందు గాలిగొట్టంలోకి పోవచ్చు. పొలమారడంతో ఆగితే అదృష్టం. ఊపిరితిత్తుల్లోకి దిగితే చెవిపోటు పోయి కొత్త జబ్బు వస్తుంది. వెల్లకిలా పడుకోబెట్టి పోయడం, గుక్కపట్టి ఏడుస్తున్నప్పుడు పోయడం, మందు పట్టే సూదిలేని సిరంజిని నాలుక మధ్యలో పెట్టి గొంతులోకి ఒక్కసారిగా కొట్టడం కూడా అంతే ప్రమాదం.

పట్టుకోవడం మాత్రం తప్పని నేననను. తప్పనిసరైతే మేమూ పట్టుకుంటాం. దానికో పద్ధతుంది. పాపను మీ ఒళ్లో పక్కకు తిరిగి ఉండేలా, నిటారుగా కూర్చోబెట్టుకోండి. పాప చెయ్యి ఒకటి మీ వీపు వెనక్కి పోతుంది, రెండోది మీ చేతి కింద ఉంటుంది. తల మీ భుజానికి ఆనాలి తప్ప వెనక్కి వాలకూడదు. సిరంజి కొసను పెదవి మూల నుంచి లోపలికి, బుగ్గకూ చిగురుకూ మధ్య సందులోకి జరపండి. అర ఎం.ఎల్. నొక్కి ఆగండి. గొంతు కదిలిందా? అయితే మింగింది. మళ్లీ అర. నాలుక మీద పడేది తగ్గుతుంది కాబట్టి చేదూ తక్కువ తెలుస్తుంది, ఉమ్మడమూ అంత తేలిక కాదు. అయిపోగానే కిందికి దించేయకండి. ఏడుపు ఆగేదాకా అలాగే హత్తుకుని ఉండండి.

ఇంకోమాట. పట్టుకునేది ప్రతిసారీ అమ్మే కాకూడదు. పాలల్లో కలిపేద్దాం అన్న ఆయన కూడా ఓ పూట ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి.

గుట్టుగా కలిపేసే అమ్మ:
ఇంత హంగామా దేనికి? నేను తియ్యటి పండు గుజ్జులో కలిపేస్తాను. మా వాడికి ఇప్పటికీ తెలీదు. రోమన్ల కాలంలోనే పిల్లలకు చేదు కషాయం పట్టేటప్పుడు వైద్యులు గిన్నె అంచుకు తేనె పూసేవారట. రెండు వేల ఏళ్లుగా తల్లులూ వైద్యులూ చేస్తున్న పనిని ఇప్పుడు "మోసం" అంటే నవ్వొస్తోంది. రెండున్నరేళ్ల పిల్లకు యాంటీబయాటిక్ అంటే ఏమిటో, ఎందుకో మీరు చెప్పి ఒప్పించగలరా? ఏడిపించి నిజాయితీ చాటుకోవడం కన్నా ఏమార్చి నవ్వుతూ తాగించడమే నయం.

మందుల షాపు కౌంటర్ నుంచి:
కలపడం గురించి మా దగ్గర రోజూ అడుగుతారు. కలపొచ్చు. కానీ "పాలల్లో కలిపేయడం" అంటే సీసాడు పాలల్లోనా, ఒక చెంచాడులోనా? సీసాలో కలిపితే సగం తాగి వదిలేసినప్పుడు సగం మోతాదే పోయినట్టు. అందులో ఎంత మందు మిగిలిందో మీకూ తెలీదు, నాకూ తెలీదు. పైగా రుచి తేడా పసిగట్టి రేపటి నుంచి పాలే మానేస్తే? జబ్బు చేసిన పిల్ల పాలు మానేయడం ఇంకో పెద్ద నష్టం. కలిపితే ఒకటి రెండు చెంచాల్లోనే కలపాలి, కలిపిన వెంటనే పెట్టేయాలి, రోజూ తినే ముఖ్యమైన తిండిలో మాత్రం వద్దు.

అన్నీ అన్నింట్లో కలవవు కూడా. కొన్ని యాంటీబయాటిక్స్ పాలల్లోని కాల్షియానికి అతుక్కుని ఒంటికి పట్టకుండా పోతాయి. సిప్రోఫ్లాక్సాసిన్, టెట్రాసైక్లిన్ జాతివి అలాంటివే. ఐరన్ మందు కూడా పాలతో సరిగా ఒంటపట్టదు. మాత్రలైతే, మెల్లగా విడుదలయ్యేలా చేసినవాటినీ, పేగుల్లోకి వెళ్లాకే కరిగేలా పూత వేసినవాటినీ నలిపితే వాటి పనితీరే దెబ్బతింటుంది. ఇక తేనె ముచ్చట చదివి ఎవరైనా ఉత్సాహపడతారేమో, ఏడాది నిండని పిల్లలకు తేనె ఇవ్వకూడదు. బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. రోమన్ వైద్యులకు ఆ సంగతి తెలిసి ఉండదు లెండి.

చిన్నపిల్లల టీచరు:
గుట్టుగా కలిపేసే అమ్మగారూ, కలపడంతో నాకు పేచీ లేదు. "ఇది చాక్లెట్ అమ్మా, తిను" అని చెప్పడంతోనే పేచీ. 1940ల చివర్లో అమెరికాలో పిల్లల కోసం నారింజ రుచితో ఆస్పిరిన్ బిళ్లలు వచ్చాయి. మిఠాయి లాంటి రుచి. సీసా చేతికి దొరికిన పిల్లలు మిఠాయి తిన్నట్టే గుప్పెట్లో పోసుకుని తిన్నారు. పొరపాటున మందులు మింగి ఆస్పత్రి పాలైన పిల్లల కేసుల్లో ఆస్పిరిన్ ముందు వరుసలోకి వచ్చేసింది. నొక్కి తిప్పితే తప్ప తెరుచుకోని మూతలు ఉండాలంటూ అక్కడ 1970లో చట్టం వచ్చింది, దాని వెనక ఈ కథ ఉంది. మూత కన్నా ముందు మన మాట సరిగ్గా ఉండాలి. "ఇది మందు. చేదుగా ఉంటుంది. తాగేశాక నీళ్లు ఇస్తాను." ఇంతే చాలు. రెండున్నరేళ్లకు ఈ మూడు ముక్కలూ అర్థమవుతాయి.

గుట్టుగా కలిపేసే అమ్మ:
నేను చాక్లెట్ అని ఎప్పుడూ చెప్పలేదు. అసలు ఏమీ చెప్పను.

చిన్నపిల్లల టీచరు:
ఏమీ చెప్పకపోయినా ఒకరోజు నాలుకకు తగులుతుంది. ఆ తర్వాత మీరు పెట్టే ప్రతి ముద్దనూ వాసన చూస్తాడు. అన్నం దగ్గర అనుమానం మొదలైతే అది వదిలించడం మందు పట్టడం కన్నా కష్టం. కలపండి, వాడి ముందే కలపండి. "చేదు తగ్గడానికి ఇందులో కలుపుతున్నా" అని చెప్పండి. అప్పుడు ఏమార్చాల్సిన అవసరమే ఉండదు.

ముగ్గురు పిల్లల నాన్న:
చూపించి కలిపితే తింటాడా? మీ స్కూల్లో పిల్లలు వేరే గ్రహం నుంచి వచ్చారేమో.

ఇద్దరు మనవల తాత:
ఎలా పట్టాలి అని అందరూ కొట్టుకుంటున్నారు. అసలు పట్టాలా అని ఎవరూ అడగరేం? ఇళ్లలో జరిగే ఈ యుద్ధాల్లో సగం అనవసరమైన మందుల కోసమే. దగ్గు, జలుబు సిరప్‌లు రెండేళ్లలోపు పిల్లలకు వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లోనే చెప్పింది. అదే ఏడాది అక్కడి కంపెనీలే నాలుగేళ్లలోపు వారికి వద్దని లేబుళ్ల మీద రాసుకున్నాయి. జ్వరం మందు మాటా అంతే. ఒళ్లు వెచ్చగా ఉన్నా పిల్ల ఆడుకుంటూ, నీళ్లు తాగుతూ ఉంటే థర్మామీటర్ అంకె కోసం నోరు తెరిపించక్కర్లేదు. నిద్రపోతున్న పిల్లను లేపి మరీ పారాసిటమాల్ పోయక్కర్లేదని అక్కడి పిల్లల వైద్యుల సంఘం 2011లో చెప్పింది. జ్వరం మందు వేసేది పిల్లకు హాయి కోసం. మూడు నెలలలోపు పసికందుకు జ్వరం వస్తే మాత్రం ఆగకుండా డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి, అది వేరే లెక్క. చెవి ఇన్ఫెక్షన్‌లో కూడా, రెండేళ్లు దాటిన పిల్లకు నొప్పీ జ్వరమూ తక్కువగా ఉంటే 48 నుంచి 72 గంటలు కనిపెట్టి చూద్దామనే డాక్టర్లు ఉన్నారు.

పిల్లల వార్డు నర్సు:
తాతగారు చెప్పింది నిజమే. కానీ ఈ పాప చెవిని చూసింది ఆ డాక్టరు, మనం కాదు. ఇది చదివి ఎవరూ సొంతంగా యాంటీబయాటిక్ మధ్యలో ఆపేయకండి. అడగాలనుకుంటే ఫోన్ చేసి ఆయన్నే అడగండి.

మందుల షాపు కౌంటర్ నుంచి:
ఫోన్ ఎలాగూ చేస్తున్నారు కాబట్టి ఇవి కూడా అడగండి. చాలామందికి అడగొచ్చని తెలీదు, రాసిన చీటీని శిలాశాసనం అనుకుంటారు. మూడు పూటల మందును రెండు పూటలకు మార్చే వీలుందా? చెవికి ఎక్కువగా రాసే అమాక్సిసిలిన్‌ను మోతాదు సరిచేసి రెండు పూటలే ఇచ్చే పద్ధతి ఉంది. రోజుకో యుద్ధం తగ్గినట్టేగా. ఇదే మందు ఎక్కువ గాఢతలో దొరుకుతుందా? అప్పుడు 5 ఎం.ఎల్. బదులు సగమే పోస్తే సరిపోవచ్చు. వేరే రుచిలో ఉందా? నీళ్లలో వేస్తే కరిగిపోయే బిళ్ల ఉందా? జ్వరానికైతే మలద్వారంలో పెట్టే మందు కూడా ఉంటుంది. ఒక జాగ్రత్త: గాఢత మారితే కొలతా మారుతుంది. పాత సీసా కొలతతో కొత్త సీసా పోస్తే మోతాదు రెట్టింపైపోతుంది.

చేదును తోసేయడం పిల్లల మొండితనం కాదు. చేదంటే విషమేమో అని పుట్టుకతోనే ఉండే జాగ్రత్త అది, పెద్దవాళ్ల కన్నా పిల్లల్లోనే ఎక్కువ. అందుకే నన్నడిగితే సగం తప్పు సీసాది. పిల్లల ఒంటికీ నోటికీ తగ్గ మందులు తయారు చేయండంటూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో పనిగట్టుకుని ఒక ప్రచారమే మొదలుపెట్టాల్సి వచ్చింది.

చిన్న చిట్కాలు: ఫ్రిజ్‌లో పెట్టొచ్చు అని లేబుల్ మీద ఉంటే చల్లగా ఇవ్వండి, చేదు కాస్త మొద్దుబారుతుంది. నీళ్లు కలిపి తయారుచేసే పొడి మందైతే ప్రతిసారీ బాగా కుదపండి. లేకపోతే మొదటి రోజుల్లో పలచటి నీళ్లు, చివర్లో చిక్కటి చేదు. వంటింటి చెంచాతో కొలవొద్దు. కొలతల్లో చిన్న చెంచా అంటే 5 ఎం.ఎల్., పెద్ద చెంచా అంటే 15 ఎం.ఎల్. ఒకదాని బదులు ఇంకోటి తీస్తే మూడింతలు.

రెండున్నరేళ్ల పాప అమ్మ:
డాక్టరుకు ఫోన్ చేశాను, రెండు పూటలకు మార్చారు. నర్సుగారు చెప్పినట్టు ఒళ్లో కూర్చోబెట్టుకుని పట్టాను. ఏడ్చింది, కానీ దాదాపు అంతా మింగింది. ఆ వెంటనే భళ్లున కక్కేసింది. మళ్లీ పోయాలా?

ముగ్గురు పిల్లల నాన్న:
పోయాలి మరి. లోపల ఏం మిగిలిందని?

పిల్లల వార్డు నర్సు:
ఆగండి ఆగండి. ఎంత మిగిలిందో కంటికి తెలీదు. మింగిన నిమిషాల్లోనే మొత్తం బయటికి వచ్చేస్తే ఒక మాట, అరగంట దాటాక అయితే ఇంకో మాట. మందును బట్టి కూడా మారుతుంది. పారాసిటమాల్ లాంటిదైతే అందాజుగా మళ్లీ పోయడం అసలే వద్దు, మోతాదు మించితే కాలేయం దెబ్బతింటుంది. ఎన్ని నిమిషాలకు కక్కిందో చెప్పి డాక్టర్నో మందుల షాపునో అడిగాకే పోయండి. సగం ఉమ్మేసినప్పుడు "ఇంకో రెండు ఎం.ఎల్." అని కళ్లతో లెక్కగట్టడమూ ఇలాంటిదే. ఒక పూట తప్పిపోతే తర్వాతి పూటకు రెట్టింపు పోయడమూ వద్దు. ఈసారి ఇంకా నెమ్మదిగా పట్టండి. వాంతి మందు వల్లే కానక్కర్లేదు, ఏడుపు వల్ల కూడా అవుతుంది.

చిన్నపిల్లల టీచరు:
పాపకు ఎంచుకునే అవకాశం ఏదైనా ఇచ్చారా? తాగాలా వద్దా అని కాదు, అది అడిగితే సమాధానం మనకు తెలిసిందే. అమ్మ ఒళ్లోనా, నాన్న ఒళ్లోనా? సిరంజి నువ్వు నొక్కుతావా, నేను నొక్కనా? ముందు బొమ్మకు పట్టేద్దామా? ఖాళీ సిరంజి ఇచ్చి ఊరికే నీళ్లతో ఆడనివ్వండి. చాలామంది పిల్లలు పిస్టన్ తామే నొక్కుతామంటే నోరు తెరుస్తారు. తాగాక చేతి మీద ఓ స్టిక్కర్ అంటించండి.

ముగ్గురు పిల్లల నాన్న:
ఇదిగో, బేరం మొదలైంది. ఇవాళ స్టిక్కర్, రేపు బొమ్మ, ఎల్లుండి ఫోన్.

చిన్నపిల్లల టీచరు:
ముందే చెప్పి ఇస్తే మెప్పు. ఏడుపు మొదలయ్యాక ఆపడానికి ఇస్తే బేరం. మీరు భయపడేది రెండోదానికి. ఏడ్చినా సరే, మింగితే స్టిక్కర్ ఇచ్చేయాలి. ఏడవకుండా తాగితేనే అని షరతు పెట్టకండి.

ముగ్గురు పిల్లల నాన్న:
సరే, ఆ తేడా ఒప్పుకుంటా. కానీ రాత్రి పదింటికి, ఇంకో ఇద్దరు పక్కన కొట్టుకుంటుంటే, బొమ్మకు మందు పట్టే ఓపిక ఎవరికుందండీ? నా ఇంట్లో సిరంజి బుగ్గలోకే పోతుంది. ముక్కు మాత్రం మూయను, అది నర్సమ్మగారికి మాటిచ్చినట్టే.

మందుల షాపు కౌంటర్ నుంచి:
మూత కూడా బిగించి పైన పెట్టండి. పక్కన కొట్టుకుంటున్న ఆ ఇద్దరికీ సీసా అందుతుంది.