రష్యన్ బంగాళాదుంప సలాడ్ (ఒలివ్యే): ముద్ద కాకుండా, నీరు కారకుండా ఎలా కలపాలి?

ప్రశ్న: విజయవాడ సభ్యురాలు

అందరికీ నమస్కారం. మా అమ్మాయి రష్యాలోని కూర్స్క్ నగరంలో ఆరేళ్లు వైద్యవిద్య చదివి ఈ ఏడాదే ఇంటికి వచ్చింది. అక్కడ డిసెంబరు 31 రాత్రి ఏ ఇంటికి వెళ్లినా బల్ల మీద బంగాళాదుంప సలాడ్ తప్పకుండా ఉంటుందట. ఈసారి తనతో చదువుకున్న నలుగురు స్నేహితురాళ్లను పిలిచి, ఆ రాత్రి మా ఇంట్లో అదే వడ్డించాలని దాని కోరిక. పోయిన ఆదివారం నేను ఒకసారి చేసి చూశాను. దుంపలను కుక్కర్లో మూడు కూతలు రానిచ్చి, ఒలిచి, వేడి మీదే ముక్కలు కోసి, సీసాలో దొరికే మయొనైజ్ కలిపాను. కలుపుతుండగానే ముక్కలన్నీ ముద్దయ్యాయి, తెల్లవారేసరికి గిన్నె అడుగున నీరు చేరింది, అన్నిటికీ మించి తియ్యగా ఉంది. అమ్మాయి రెండు చెంచాలు తిని, ఏమీ అనకుండా గిన్నె పక్కన పెట్టింది. అసలు పద్ధతి ఏమిటో, ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్పే కొలతల్లో దేన్ని నమ్మాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు. మా అత్తగారు మాంసం, గుడ్డు ముట్టరు. ఆవిడ కోసం విడిగా ఏమైనా చేయవచ్చునా?

సమాధానం: హనుమకొండ సభ్యురాలు

అక్కగారూ, నేనూ అక్కడే చదువుకుని వచ్చినదాన్ని. ఆరు శీతాకాలాలు మా హాస్టల్ వంటగదిలో, పక్క గది రష్యన్ అమ్మాయిలతో కలిసి ఈ సలాడ్ కోసం ముక్కలు తరిగాను కాబట్టి, మీరు ఎక్కడ పొరబడ్డారో చదువుతుండగానే నాకు అర్థమైంది.

ముందుగా ఏది అసలుదన్న సందేహం తీరుస్తాను. ఈ వంటకానికి ఒలివ్యే అన్న పేరు లూసియన్ ఒలివ్యే అనే వంటవాని వల్ల వచ్చింది. 1860లలో మాస్కోలోని త్రుబ్నయా కూడలిలో ఎర్మితాజ్ అనే భోజనశాలను నడిపిన ఆయన అడవి పక్షి మాంసం, మంచినీటి రొయ్యల వంటి క్రేఫిష్ తోకలు, కేపర్ మొగ్గలు వేసి దీన్ని ధనవంతుల కోసం తయారుచేసేవాడు. సోవియట్ కాలంలో ఆ ఖరీదైన సరుకులన్నీ పోయి, పక్షి మాంసం స్థానంలో ఉడికించిన సాసేజ్, క్రేఫిష్ స్థానంలో క్యారెట్, డబ్బా బఠాణీలు వచ్చాయి. మీ అమ్మాయి నాలుకకు గుర్తున్నది ఈ రెండో రూపమే కాబట్టి దాన్నే అసలుదిగా తీసుకోండి. సాసేజ్ బదులు ఉడికించిన కోడిమాంసం వేస్తే దాన్ని స్తొలీచ్నీ, అంటే రాజధాని సలాడ్ అంటారు. అది కూడా అక్కడ అంతే గౌరవం ఉన్న వంటకం. విజయవాడలో మంచి సాసేజ్ దొరకకపోతే ఏ సంకోచమూ లేకుండా కోడిమాంసమే వేయండి.

ఎనిమిది మందికి దుంపలు 600 గ్రాములు, క్యారెట్ 200 గ్రాములు, ఆరు గుడ్లు, సాసేజ్ లేదా ఎముకలు లేని కోడిమాంసం 350 గ్రాములు, పులిసిన దోసకాయలు 200 గ్రాములు, ఉడికిన బఠాణీలు 250 గ్రాములు, మయొనైజ్ సుమారు 200 గ్రాములు సరిపోతాయి. అక్కడి ఇళ్లలో మనిషికి ఒక దుంప, ఒక గుడ్డు అని సుమారుగా లెక్క వేస్తారు. మిగతాదంతా చేతి అంచనాయే.

ఇక దుంపల విషయం, మీ సమస్యలో సగం అక్కడే ఉంది. కుక్కరు వద్దు. ఆవిరి ఒత్తిడికి తొక్క పగిలి, నీరు లోపలికి చేరి, కత్తి పెట్టగానే దుంప పిండిలా రాలిపోతుంది. ఒకే సైజు దుంపలను ఏరి, తొక్కతోనే చల్లటి నీటిలో వేసి, ఒక చెంచా ఉప్పు, ఒక చెంచా వెనిగర్ కలిపి, మూత వారగా పెట్టి సన్నని మంట మీద ఉడికించండి. పులుపు తగిలిన నీటిలో దుంప తొందరగా చితకదు. నీరు మరిగాక 20 నుంచి 25 నిమిషాలకు సన్నని కత్తిమొన గుచ్చి చూస్తే, అది లోపలి దాకా సులువుగా దిగాలి గాని దుంప విచ్చుకోకూడదు. తొక్కతో ఉడికిన దుంపను రష్యన్లు సైనికుడి దుస్తులు తొడుక్కున్న దుంప అంటారు, ఆ దుస్తులు చల్లారే దాకా విప్పరు. నీరు వంపేసి, ఆరబెట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి మర్నాడు ఒలవండి. అప్పుడు తొక్క పలచని కాగితంలా ఊడి వస్తుంది, ముక్క కోస్తే అంచులు కోసినవి కోసినట్టే నిలుస్తాయి. క్యారెట్‌నూ తొక్కతోనే వేరే గిన్నెలో ఉడికించండి. గుడ్లు మరిగే నీటిలో పది నిమిషాలు ఉంచి వెంటనే చల్లటి నీటిలోకి తీయండి.

తియ్యదనానికి రెండు కారణాలు ఉండవచ్చు. శీతల గిడ్డంగిలో నెలల తరబడి ఉన్న దుంపల్లో పిండిపదార్థం కొంత చక్కెరగా మారుతుంది కాబట్టి, బొటనవేలితో రుద్దితే తొక్క లేచిపోయే కొత్త దుంపలు వెతకండి. రెండోది మయొనైజ్. మన దుకాణాల్లో దొరికే గుడ్డు లేని రకాలు చాలావరకు చక్కెర ఎక్కువగా ఉండి, శాండ్‌విచ్‌లకు తగినట్టు చేసినవి. ఇంట్లో పచ్చి గుడ్డుతో చేసుకోమని మాత్రం నేను చెప్పను. తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న పచ్చిగుడ్డు మయొనైజ్‌ను ఏడాది పాటు నిషేధించడానికి కారణమైన కలుషితాహార కేసులు మా వైద్యులందరికీ గుర్తే. సీసా మీద చక్కెర తక్కువగా ఉన్న రకాన్ని ఎంచుకుని, మూడు వంతుల మయొనైజ్‌కు ఒక వంతు గుడ్డలో కట్టి నీరు పిండిన గట్టి పెరుగు, ఒక చిన్న చెంచా ఆవముద్ద, చిటికెడు మిరియాల పొడి కలపండి. రష్యాలోనూ చాలా ఇళ్లలో మయొనైజ్‌లో స్మెతానా అనే పుల్లటి మీగడ కలుపుతారు, కాబట్టి ఇది మన సౌకర్యం కోసం చేసుకున్న కల్పన కాదు.

దోసకాయ గురించి కొంచెం ఎక్కువ చెప్పక తప్పదు, ఎందుకంటే ఈ సలాడ్‌కు ప్రాణం అదే. దుంప, గుడ్డు, మయొనైజ్ మూడూ మెత్తగా, కమ్మగా ఉండేవే. వాటి మధ్య పంటికి కరకరలాడుతూ, నాలుకకు పుల్లగా తగిలేది ఇదొక్కటే. అక్కడ ఉప్పునీటిలో పులియబెట్టిన దోసకాయ వాడతారు. వెనిగర్‌లో వేసినది రెండో మెట్టు, తీపి వెనిగర్‌లో వేసినది అసలు పనికిరాదు. మన ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు పొలాల్లో పండే గెర్కిన్ అనే చిట్టి దోసకాయలు రష్యాతో సహా ఎన్నో దేశాలకు ఎగుమతి అవుతున్నాయి, కాబట్టి పెద్ద దుకాణాల్లో వెతికితే సీసా దొరుకుతుంది. చక్కెర లేనిదేనా అని మాత్రం చూసి కొనండి. వారం రోజుల వ్యవధి ఉంది కనుక ఇంట్లోనూ పెట్టుకోవచ్చు. లీటరు కాచి చల్లార్చిన నీటిలో 50 గ్రాముల ఉప్పు కరిగించి, గట్టిగా ఉన్న చిన్న కీరా దోసకాయలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, గుప్పెడు సోయికూర (డిల్) కాడలు గాజు సీసాలో వేసి, కాయలు పైకి తేలకుండా ఒక చిన్న పళ్లెం బరువుగా పెట్టండి. ఈ చలికాలంలో విజయవాడ వేడికి నాలుగు రోజుల్లో నీరు మబ్బుగా మారి, మూత తీయగానే పుల్లటి వాసన తగులుతుంది. అప్పుడు ఫ్రిజ్‌లోకి మార్చండి.

నీరు కారడం గురించి. కోసిన దోసకాయ ముక్కలను జల్లెడలో పది నిమిషాలు వదిలి చేతితో మెల్లగా పిండండి, బఠాణీలను గుడ్డ మీద ఆరబెట్టండి, ఉప్పు చివర్లో రుచి చూశాకే వేయండి. అన్నీ పూర్తిగా చల్లబడితేనే మయొనైజ్ తగలాలి. ముక్కలన్నీ బఠాణీ గింజ పరిమాణంలోనే ఉండాలి. మా గది అమ్మాయి కత్తి పక్కన ఒక బఠాణీ పెట్టుకుని, దానితో పోల్చి చూసుకుంటూ కోసేది. మొదట్లో నాకు అది అతిగా అనిపించింది గాని, ఒక్క చెంచాలో అన్ని రుచులూ పడాలంటే వేరే దారి లేదని తిన్నాక తెలిసింది.

విజయవాడ సభ్యురాలు

డాక్టరమ్మ గారూ, ఇంత ఓపికగా రాసినందుకు మీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. దోసకాయలు ఈ రోజే సీసాలో వేశాను. ఇంకో రెండు సందేహాలు. డబ్బా బఠాణీలు మాకు దొరకలేదు, ఫ్రీజర్లో పెట్టి అమ్మే పచ్చి బఠాణీలు వాడవచ్చా? మా అత్తగారి మాట కూడా మరిచిపోకండి.

హనుమకొండ సభ్యురాలు

తప్పకుండా వాడవచ్చు, కానీ నీటిలో ముంచి తీస్తే సరిపోదు. డబ్బా బఠాణీ మెత్తగా ఉంటుంది కాబట్టి వీటినీ చిటికెడు ఉప్పు, చిటికెడు చక్కెర వేసి, వేలితో నొక్కితే చిదిమేంత వరకు ఉడికించి, ఆ నీటిలోనే చల్లారనివ్వండి. నానబెట్టిన ఎండు బఠాణీలు మాత్రం వద్దు.

మీ అత్తగారి కోసం ప్రత్యేకంగా ఏదో కనిపెట్టవలసిన పని లేదు. అక్కడి చర్చి ఇప్పటికీ పాత పంచాంగాన్నే అనుసరిస్తుంది కాబట్టి వారి క్రిస్మస్ జనవరి 7న వస్తుంది, దానికి ముందు నవంబరు 28 నుంచి ఉపవాస దీక్ష ఉంటుంది. 1918లో ప్రభుత్వం కొత్త పంచాంగానికి మారడంతో కొత్త సంవత్సరపు రాత్రి ఆ దీక్ష మధ్యలో పడింది. దీక్షలో ఉన్నవారు మాంసం, గుడ్డు, పాలు లేకుండా, వాటికి బదులు పుట్టగొడుగులు వేసి ఇదే సలాడ్ చేసుకుంటారు. 250 గ్రాముల పుట్టగొడుగులను ఉల్లిపాయతో కలిపి, వాటి నీరు పూర్తిగా ఇగిరి నూనె తేలే దాకా వేయించి, చల్లార్చి కలపండి. అత్తగారు అవీ తినకపోతే పుల్లటి ఆపిల్ ముక్కలు వేసి బఠాణీలు కొంచెం పెంచండి. దుంప, క్యారెట్, దోసకాయ, బఠాణీలు కలిపిన వెంటనే, గుడ్డు, మాంసం తగలకముందే ఆవిడ వాటా వేరే గిన్నెలోకి తీసి, వేరే గరిటెతో, గుడ్డు లేని మయొనైజ్‌తో కలపడం మరిచిపోకండి. గుడ్డు, మాంసం కోసిన బల్లనూ వేరుగానే ఉంచండి.

దుబాయ్ సభ్యుడు

మా పక్కింట్లో ఇరానీ కుటుంబం ఉంటుంది. వాళ్లు దీన్నే ఒలివియే అని పిలుస్తారు, కానీ చేసే తీరు పూర్తిగా వేరు. దుంపలను వేడి మీదే మెత్తగా మెదిపి, ఉడికించిన కోడిమాంసాన్ని నారలుగా చీల్చి, గుడ్లు తురిమి, నిమ్మరసం పిండి ముద్దలా కలుపుతారు. పొడవాటి రొట్టెను నిలువుగా చీల్చి, అందులో కూరి పిల్లలకు బడికి కట్టిస్తారు. విజయవాడ అమ్మగారు ముద్దయిందని బాధపడ్డ సలాడ్‌లో కోడిమాంసం, నిమ్మరసం కలిపితే అది ఇరాన్ పద్ధతి అయ్యేది. ఎప్పుడైనా దుంప చితికిపోతే పారేయకుండా ఇలా వాడుకోవచ్చు.

మాడ్రిడ్ సభ్యురాలు

స్పెయిన్‌లో ఈ వంటకం లేని బారు ఉండదని చెప్పవచ్చు. ఇక్కడ పేరు ఎన్సలదీయా రూసా. మాంసం బదులు డబ్బాలో వచ్చే ట్యూనా చేప, ఆలివ్ కాయలు, పైన కాల్చిన ఎర్ర మిరప చీలికలు వేస్తారు, దోసకాయ పులుపు చాలాచోట్ల ఉండదు. పోలండ్ ఇళ్లలో దుంపతో పాటు సెలరీ వేరు, ఆపిల్, ఆవముద్ద కలిపి ఎక్కువగా మాంసం లేకుండానే చేస్తారు కాబట్టి శాకాహారం కోరేవారికి ఆ పద్ధతి బాగా నప్పుతుంది, గుడ్డు మాత్రం తీసేయాలి. రుమేనియాలో గొడ్డుమాంసం వేసి, దాని పేరుతోనే పిలుస్తారు. హంగరీలో ఇదే ఫ్రెంచి సలాడ్, టర్కీలో దీనికి అమెరికన్ సలాడ్ అన్న పేరూ ఉంది. రష్యా లోపల కూడా తూర్పు సముద్ర తీరంలో పీత మాంసం, సాల్మన్ వంటి ఎర్ర చేప వేసేవారున్నారు. మన పెళ్లి భోజనాల్లో అనాసపండు ముక్కలు, మీగడ వేసి రష్యన్ సలాడ్ అని పెట్టేది మాత్రం ఇక్కడి వాటిలో దేనికీ దగ్గరగా లేదు. అమ్మాయి అడిగినది అది కాదని నా నమ్మకం.

విజయవాడ సభ్యురాలు

ఇక చివరి సందేహం. ఆ రోజు రాత్రి పన్నెండింటికి వడ్డించాలి. ఎప్పుడు కలపాలి?

హనుమకొండ సభ్యురాలు

30వ తేదీ సాయంత్రం దుంపలు, క్యారెట్, మాంసం ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టండి. 31 మధ్యాహ్నం గుడ్లు ఉడికించి, అన్నీ కోసి, మయొనైజ్ తగలకుండా మూతపెట్టి మళ్లీ ఫ్రిజ్‌లో ఉంచండి. రాత్రి పదిన్నరకు మయొనైజ్‌ను రెండు విడతలుగా, చెక్క గరిటెతో అడుగు నుంచి పైకి తిప్పుతూ కలపండి. గుడ్డు పచ్చసొన కొంత కరిగి మయొనైజ్ లేత పసుపుకు తిరిగితే కలిసినట్టే. గంటన్నర ఫ్రిజ్‌లో కుదురుకున్నాక పైన సోయికూర చల్లి వడ్డించండి. బల్ల మీద రెండు గంటలకు మించి ఉంచవద్దు. మయొనైజ్ కలిపినది మర్నాడు మధ్యాహ్నానికి మిగిలితే పారేయండి. కలపని ముక్కలు మాత్రం ఇంకొక రోజు ఉంటాయి కనుక, సగమే కలిపి సగం అలాగే దాచుకోవడం మంచిది.

విజయవాడ సభ్యురాలు (జనవరి 1)

ముక్క ముక్కగా నిలిచింది, నీరు కారలేదు. అత్తగారు పుట్టగొడుగులు వద్దన్నారు గాని ఆపిల్ వేసినది రెండుసార్లు వడ్డించుకున్నారు. పిల్లలు నలుగురూ గిన్నె చుట్టూ కూర్చుని రష్యన్‌లో ఏదేదో మాట్లాడుకుంటూ అర్ధరాత్రి దాటాక కూడా తిన్నారు. అమ్మాయి మాత్రం దోసకాయ ఇంకొంచెం పడాలంది, వచ్చేసారి 250 గ్రాములు వేస్తాను. దాచిన సగాన్ని ఈ మధ్యాహ్నం కలుపుతున్నాను.