బ్రౌజర్‌లో ఏఆర్ (ఆగ్మెంటెడ్ రియాలిటీ, కెమెరాలో కనిపించే దాని మీద త్రీడీ బొమ్మ పెట్టడం) నేర్చుకోవాలి, దేనితో మొదలుపెట్టాలి?

గుండెబొమ్మ:

హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ బాగానే వచ్చు, జావాస్క్రిప్ట్ ఏడాదిగా రాస్తున్నాను, త్రీడీ జోలికి మాత్రం ఎప్పుడూ పోలేదు. నేను అనుకున్నది ఇదీ: జీవశాస్త్రం పుస్తకంలో గుండె బొమ్మ ఉంటుంది కదా, దాని మీదికి ఫోన్ కెమెరా తిప్పితే ఆ పేజీ మీదే గుండె లేచి కొట్టుకోవాలి. యాప్ దించుకోమంటే ఎవరూ దించుకోరు, కాబట్టి లింకు తెరిస్తే బ్రౌజర్‌లోనే అయిపోవాలి, ఐఫోన్‌లో కూడా. వెతకడం మొదలుపెట్టాక వెబ్‌ఎక్స్‌ఆర్, త్రీ.జేఎస్, ఏ-ఫ్రేమ్, ఏఆర్.జేఎస్, మైండ్‌ఏఆర్... ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్నారు, ఆరు నెలలు త్రీ.జేఎస్ నేర్చుకున్నాకే ఇటు రమ్మంటున్నాడు ఒకాయన. బుర్ర తిరిగిపోతోంది.

ఇంకోటి, నిన్న ఒక డెమో కాపీ కొట్టి పెడితే ల్యాప్‌టాప్‌లో కెమెరా వచ్చింది. అదే వైఫైలో ఫోన్ నుంచి ల్యాప్‌టాప్ ఐపీ అడ్రస్ కొట్టి తెరిస్తే పర్మిషన్ కూడా అడగట్లేదు, తెల్ల పేజీ.

సగంకోడర్:

రెండోది ముందు చెప్తా, ఎందుకంటే మనలో చాలామంది మొదటి రాత్రి పోగొట్టుకునేది అక్కడే. కెమెరా కావాలంటే పేజీ హెచ్‌టీటీపీఎస్‌లో ఉండాలి. లోకల్‌హోస్ట్‌కి మినహాయింపు ఉంది, ఇంటి వైఫైలో ల్యాప్‌టాప్‌కి వచ్చే 192.168తో మొదలయ్యే అడ్రస్‌కి లేదు. అక్కడ నావిగేటర్‌లో కెమెరాని అడిగే మీడియాడివైసెస్ అనేదే అన్‌డిఫైన్డ్ వస్తుంది, ఇక పర్మిషన్ అడిగేదెక్కడ? ఆండ్రాయిడ్ ఫోన్ అయితే యూఎస్‌బీ కేబుల్ పెట్టి, క్రోమ్ ఇన్‌స్పెక్ట్ పేజీలో పోర్ట్ ఫార్వర్డింగ్ ఆన్ చేయండి, ఫోన్‌లో కూడా లోకల్‌హోస్ట్ అనే తెరవొచ్చు, ఎర్రర్లు ల్యాప్‌టాప్‌లోనే చదువుకోవచ్చు. ఐఫోన్‌లో చూసుకోవడానికి గిట్‌హబ్ పేజెస్‌లో పెట్టేయండి, హెచ్‌టీటీపీఎస్ దానితోనే వస్తుంది.

ఇక మొదటిది. మీరు చదివిన పేర్లన్నీ ఒకే పని చేసేవి కావు. వెబ్‌ఎక్స్‌ఆర్ నేలనో టేబుల్‌నో గుర్తుపట్టి దాని మీద వస్తువు నిలబెడుతుంది, ఆండ్రాయిడ్ క్రోమ్‌లో 2020లో 81వ వెర్షన్‌తో వచ్చింది, ఏఆర్‌కోర్ (గూగుల్ వాళ్ల ఏఆర్ సాఫ్ట్‌వేర్) ఉన్న ఫోన్ కావాలి. ఐఫోన్ సఫారీలో ఆ ఏఆర్ లేదు. మీకు ఐఫోన్ తప్పనిసరి, పైగా మీకు కావాల్సింది నేల కాదు, అచ్చులో ఉన్న బొమ్మ. కాబట్టి వెబ్‌ఎక్స్‌ఆర్ ట్యుటోరియల్స్ అన్నీ మూసేయండి. మైండ్‌ఏఆర్ మామూలు కెమెరా వీడియో తీసుకుని, ప్రతి ఫ్రేమ్‌లో బొమ్మ ఎక్కడుందో జావాస్క్రిప్ట్‌లోనే లెక్క కడుతుంది, అందుకే రెండు ఫోన్లలోనూ నడుస్తుంది. మీ గుండె బొమ్మని వాళ్ల కంపైలర్ పేజీలో వేస్తే ఒక .మైండ్ ఫైల్ ఇస్తుంది, దాన్ని ఏ-ఫ్రేమ్ సీన్‌లో పెట్టండి. ఏ-ఫ్రేమ్ అంటే కొత్త లోకమేం కాదు, త్రీ.జేఎస్ అనే త్రీడీ లైబ్రరీని హెచ్‌టీఎంఎల్ ట్యాగుల్లాగా రాసుకోవడం. ఆరు నెలలు అక్కర్లేదు, ఈ శని ఆదివారాలు చాలు.

గుండెబొమ్మ:

కేబుల్ పెట్టాక పనిచేసింది, థాంక్స్ అండీ! మైండ్‌ఏఆర్ కూడా ఎక్కించాను. కానీ మోడల్ వణికిపోతోంది, జ్వరం వచ్చినట్టు. ఒక్కోసారి బొమ్మని పట్టుకోవట్లేదు కూడా. పైగా గుండె కొట్టుకోవట్లేదు, బ్లెండర్‌లో (త్రీడీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్) యానిమేషన్ చక్కగా ఆడుతోంది, ఇక్కడ బొమ్మలా నిలబడింది.

బ్లెండర్‌బాబు:

మీ బొమ్మ తెల్ల కాగితం మీద నాలుగు నున్నటి గీతలేనా? అయితే తప్పు కోడ్‌ది కాదు. ట్రాకర్‌కి, అంటే వీడియోలో బొమ్మని వెతికి పట్టుకునే భాగానికి, గుండె తెలీదు, మూలలూ మచ్చలూ నలుపు తెలుపు తేడాలూ తెలుసు. నున్నటి వంపుల్లో దానికి పట్టు దొరకదు. కంపైలర్‌లోనే పాయింట్లు ఎక్కడెక్కడ పడ్డాయో చూపిస్తుంది, చూడండి, ఒక మూలే గుమిగూడి ఉంటే వణుకు ఖాయం. గుండె ఒక్కదాన్నే కత్తిరించకుండా చుట్టూ ఉన్న పేర్లు, బాణాలు, కింది పేరాలో కొంతతో కలిపి టార్గెట్‌గా తీసుకోండి. అప్పటికీ వణికితే మైండ్‌ఏఆర్ సెట్టింగుల్లో ఫిల్టర్‌మిన్‌సీఎఫ్ విలువ తగ్గించండి. మరీ తగ్గిస్తే మోడల్ వెనక ఈడ్చుకుంటూ వస్తుంది, అప్పుడు ఫిల్టర్‌బీటా పెంచాలి. రెండూ తిప్పుతూ కుదుర్చుకోవడమే.

కొట్టుకోకపోవడానికి కారణం చిన్నది. జీఎల్‌బీ ఫైల్‌లో (త్రీడీ మోడల్ ఫైల్) యానిమేషన్ ఉన్నా ఏ-ఫ్రేమ్ తనంతట తను ఆడించదు, ఏ-ఫ్రేమ్ ఎక్స్‌ట్రాస్ అనే అదనపు లైబ్రరీ కలిపి యానిమేషన్-మిక్సర్ పెట్టాలి. సైజు సంగతి కూడా గుర్తుంచుకోండి, మైండ్‌ఏఆర్‌లో 1 అంటే మీటరు కాదు, టార్గెట్ బొమ్మ వెడల్పు.

ఇంతకీ మోడల్ ఎన్ని ఎంబీ?

గుండెబొమ్మ:

38. నెట్‌లో దొరికింది, చాలా అందంగా ఉంది...

బ్లెండర్‌బాబు:

అయ్యో! టెక్స్చర్లు (మోడల్ పైన అతికించే రంగుల బొమ్మలు) 4096 పిక్సెళ్లవి ఉంటాయి, చూడండి. జేపెగ్ చిన్నదే అనిపిస్తుంది గానీ గ్రాఫిక్స్ మెమరీలో విప్పుకున్నాక 4096 × 4096 ఒక్కటే 64 ఎంబీ మింగుతుంది, అలాంటివి మూడు నాలుగుంటే పాత ఫోన్లో ట్యాబ్ ఢమాల్. అదే 1024కి దించితే 4 ఎంబీ. అరచేతి సైజులో కనిపించే గుండెకి అది చాలు. జ్యామితిని (మోడల్ ఆకారాన్ని) డ్రాకో అనే కుదింపు పద్ధతితో కుదించండి, డౌన్‌లోడ్ తగ్గుతుంది.

పాతకాపు:

అందరికీ అడ్డొస్తున్నానేమో గానీ, ఫోన్ పుస్తకం మీద గాల్లో పట్టుకుని ఎంతసేపు చూస్తారు? ఒక నిమిషానికే చెయ్యి లాగుతుంది. అదే పేజీలో మోడల్-వ్యూయర్ (పేజీలో త్రీడీ మోడల్ చూపించే ట్యాగ్) తో మామూలు త్రీడీ గుండె కూడా పెట్టండి, వేలితో తిప్పుకుంటారు. దానికి ఏఆర్ బటన్ కూడా ఉంది, ఫోన్ సొంత ఏఆర్ వ్యూయర్‌ని, అంటే ఆండ్రాయిడ్‌లో సీన్ వ్యూయర్, ఐఫోన్‌లో క్విక్ లుక్ తెరుస్తుంది. ఐఫోన్ కోసం యూఎస్‌డీజెడ్ ఫైల్ (క్విక్ లుక్ చదివే త్రీడీ ఫైల్) మీరే తయారుచేసి ఇవ్వండి, దానంతట అది చేసే ఫైల్‌లో యానిమేషన్ రాదు, మళ్లీ ఆగిన గుండే. నేను ఏఆర్ పేజీలు నాలుగు చేశాను, జనం ఎక్కువసేపు ఉన్నది ఆ తిప్పుకునే బొమ్మ దగ్గరే. చెప్తే ఒప్పుకోబుద్ధి కాదు.

గుండెబొమ్మ:

38 కాస్తా 3కి దిగింది, ఐఫోన్‌లో కొట్టుకుంటోంది!! కింద తిప్పుకునే గుండె కూడా పెట్టాను. ఒకటే తంటా, లింకు చాట్ యాప్‌లోంచి నొక్కితే కొందరికి కెమెరా రావట్లేదు.

సగంకోడర్:

అది ఆ యాప్ లోపలి బ్రౌజర్ పని. కెమెరా దొరకనప్పుడు తెల్ల పేజీ వదిలేయకుండా "సఫారీలో గానీ క్రోమ్‌లో గానీ తెరవండి" అని పెద్ద అక్షరాల్లో రాసి, కింద లింకు కాపీ బటన్ పెట్టండి. నేనూ అదే చేస్తాను.