స్మార్ట్ స్విచ్చులు: కంపెనీ క్లౌడ్ మీద పెట్టాలా, ఇంట్లోనే హబ్ పెట్టాలా?

వైరింగ్_అరసవల్లి: ఇళ్లు కట్టేవాళ్లు వైరింగ్ దశలోనే స్మార్ట్ స్విచ్చులు అడుగుతున్నారు. దారులు రెండు. ఒకటి వైఫై మాడ్యూళ్లు, అంటే స్విచ్ వెనక అమర్చే చిన్న పరికరాలు. ఇవి కంపెనీ సర్వర్ (క్లౌడ్) మీద నడుస్తాయి. డబ్బా మీద ఏ పేరున్నా చాలావాటికి లోపల టుయా అనే కంపెనీ ప్లాట్‌ఫామే, నడిపే యాప్ స్మార్ట్ లైఫ్. రెండోది జిగ్బీ (వైఫై కాని వేరే రేడియో పద్ధతి) మాడ్యూళ్లు, వాటిని ఇంట్లోంచే నడిపే హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్ ఉన్న చిన్న పెట్టె, అంటే హబ్. మొదటిదాంట్లో అమ్మేసి వచ్చేయడమే. రెండోదాంట్లో ఏటా మెయింటెనెన్స్ అడగాలి. కస్టమర్‌కి ఏది ఇవ్వడం న్యాయం?

ఉద్దానం_హబ్: హబ్బే ఇవ్వండి. వస్తువు ఒకసారి అమ్ముడుపోతుంది, సర్వర్ ఖర్చు మాత్రం నెలనెలా ఉంటుంది. అమ్మకాలు తగ్గిన రోజున కంపెనీ చందా అడుగుతుంది, లేదంటే మూసేస్తుంది. వింక్ అనే స్మార్ట్ హోమ్ కంపెనీ 2020లో నెలకు 4.99 డాలర్ల చందా పెట్టింది. ఇన్‌స్టియాన్ అనే మరో కంపెనీ 2022 ఏప్రిల్‌లో చెప్పాపెట్టకుండా సర్వర్లు ఆపేసింది. రివాల్వ్ అనే హబ్ కంపెనీని 2014లో గూగుల్‌కి చెందిన నెస్ట్ కొని, 2016 మేలో దాని సర్వీసు ఆపేసింది. ఆ హబ్ ఖరీదు 300 డాలర్లు. పైగా మనది తుపాన్ల జిల్లా. తిత్లీ తర్వాత జనరేటర్ తెచ్చుకున్నవాళ్లకి లైటు వెలిగింది గానీ నెట్ ఎక్కడుంది?

కోట_జంక్షన్_విజయనగరం: అన్నా, మీరు చెప్పిన మూడూ హబ్‌లు అమ్మిన కంపెనీలే కదా! హబ్ ఉందా లేదా అన్నది కాదు, అది ఎవరి సర్వర్‌ని అడిగి పనిచేస్తోందో చూడాలి. నెట్ పోతే వైఫై స్విచ్ గోడ మీద బటన్‌తో నొక్కుకోవచ్చు. మీ పెట్టెలో ఎస్‌డీ కార్డు నాలుగు కరెంటు కోతలకి పాడైతే సరిచేసేదెవరు? పిల్లలు బెంగళూరులో, అమ్మానాన్నలు ఇక్కడ. పబ్లిక్ ఐపీ (బయటినుంచి నేరుగా చేరగల నెట్ చిరునామా) లేని ఫైబర్ కనెక్షన్ మీద బయటినుంచి ఎలా చూస్తారు? దానికి హోమ్ అసిస్టెంట్‌ని బయటినుంచి చూపించే నాబు కాసా సర్వీసు చందా కట్టమంటే అదీ చందాయే కదా.

ఉద్దానం_హబ్: చందా వద్దనుకుంటే ఫోన్‌ని ఇంటి పెట్టెతో కలిపే టెయిల్‌స్కేల్ యాప్ ఉంది, పబ్లిక్ ఐపీ లేకపోయినా పనిచేస్తుంది. పెద్దవాళ్ల ఫోన్లలో ఒకసారి మనమే పెట్టివ్వాలి. ఎస్‌డీ కార్డు సంగతి నిజమే, అందుకే దాని బదులు ఎస్‌ఎస్‌డీ డ్రైవ్ పెట్టాలి. పెట్టెకీ రౌటర్‌కీ చిన్న యూపీఎస్‌లు తగిలించాలి. ఎస్‌ఎస్‌డీ యూఎస్‌బీ 3 పోర్టులో ఉంటే దాని రేడియో రొద జిగ్బీ డాంగిల్ (పెట్టెకి గుచ్చే రేడియో పరికరం) మీద పడి స్విచ్చులు అప్పుడప్పుడూ మాయమవుతాయి. మీటరు పొడవు ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో డాంగిల్‌ని దూరం జరిపితే తగ్గుతుంది. రౌటర్ వైఫై ఛానల్ 1లో ఉంటే జిగ్బీ ఛానల్‌ని 11లో పెట్టకండి, రెండూ ఒకచోటే పడతాయి. 25 మంచిది. ఇక గోడలో ఇనప బాక్సు ఉంటే సిగ్నల్ లోపలే చస్తుంది, కొత్త ఇంట్లో పీవీసీ బాక్సే వేయించండి. ప్రతి బోర్డుకీ న్యూట్రల్ తీగ లాగించండి. న్యూట్రల్ లేని జిగ్బీ మాడ్యూల్ సాధారణంగా పక్కదానికి సిగ్నల్ అందించదు.

కోట_జంక్షన్_విజయనగరం: ఇన్ని జాగ్రత్తలు తెలిసిన మనిషి ప్రతి ఊళ్లో ఉన్నాడేటి? నా మాట, మ్యాటర్ ముద్ర ఉన్న వైఫై మాడ్యూల్ తీసుకోండి. వేర్వేరు కంపెనీల స్మార్ట్ పరికరాలు కలిసి పనిచేయడానికి 2022 అక్టోబరులో వచ్చిన ప్రమాణం అది, ఆజ్ఞ ఇంటి నెట్‌వర్క్‌లోనే వెళ్తుంది. డబ్బులిచ్చే ముందు రౌటర్‌లో ఇంటర్నెట్ తీగ పీకి, యాప్‌లో స్విచ్ నొక్కి చూడండి, కదలకపోతే కొనొద్దు. కరెంటు వాడకం చూపించే సంగతి మ్యాటర్ 1.3 వెర్షన్‌లో, అంటే 2024లో గానీ రాలేదు. పాత మాడ్యూళ్లలో అది కంపెనీ యాప్‌లోనే కనిపిస్తుంది.

బోరు_మోటారు: మీ వాదన లైట్లకి సరే. మోటారు సంగతి ఎవరూ అనలేదు. 1 హెచ్‌పీ అంటే 746 వాట్లే కదా అని 16 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్‌కి తగిలిస్తున్నారు. స్టార్టింగ్‌లో అది నడిచే కరెంటుకి అయిదారు రెట్లు లాగుతుంది. కొన్నాళ్లకి ప్లగ్ లోపలి స్విచ్, అంటే రిలే, కాంటాక్టులు అతుక్కుపోతాయి. యాప్ ఆఫ్ అని చూపిస్తుంది, మోటారు తిరుగుతూనే ఉంటుంది. క్లౌడైనా హబ్బైనా కాంటాక్టర్ (మోటారు లోడు తట్టుకునే పెద్ద స్విచ్) పెట్టి, స్మార్ట్ స్విచ్‌తో దాని కాయిల్ని మాత్రమే ఆన్ చేయాలి. కరెంటు తిరిగొచ్చాక ఏ స్థితిలో ఉండాలన్న సెట్టింగ్ ‘ఆఫ్’లో పెట్టండి, టాస్మోటా అనే సాఫ్ట్‌వేర్ ఉన్న స్విచ్చుల్లో అది పవర్‌ఆన్‌స్టేట్ 0.

వైరింగ్_అరసవల్లి: అందరికీ దండాలు. హబ్ పెడితే అడ్మిన్ పాస్‌వర్డూ, పెన్‌డ్రైవ్‌లో బ్యాకప్పూ ఇంటివాళ్లకే ఇచ్చేస్తే మెయింటెనెన్స్‌కి ఎవరినైనా పిలుచుకుంటారు. ఏడాదికి సామాను విలువలో పదో వంతు అడగడం ఎక్కువంటారా?

కోట_జంక్షన్_విజయనగరం: ఎక్కువే. వచ్చిన రోజుకి కూలి తీసుకోండి.

ఉద్దానం_హబ్: కూలికైతే చెడ్డాకే పిలుస్తారు. అప్‌డేట్లూ బ్యాకప్పులూ చెడకముందే చూడాలి, ఆ పనికి ఏడాది లెక్కే సరి.